“శ్మశానం కేసి”... ఆ కేసి ఎక్కడిది?

పాతసంచిక: మా అమ్మాయి ఇంటర్లో చేరింది. ఇంగ్లీషు ఫాంటసీ సీరీస్‌లు వరసపెట్టి చదువుతుంది, ఒక్కో పుస్తకం ఇటుకంత. తెలుగులో ఇలాంటివి లేవా నాన్నా అంటే, బైండు చేయించి దాచుకున్న చందమామలు తీసిచ్చాను. యక్షపర్వతం, మాయాసరోవరం అయిపోయాయి. ఇప్పుడు బేతాళ కథల్లో ఉంది. ఆ మొదటి వాక్యం మనందరికీ నోటికి వచ్చిందే: “పట్టువదలని విక్రమార్కుడు చెట్టు వద్దకు తిరిగి వెళ్ళి, చెట్టుపై నుంచి శవాన్ని దించి భుజాన వేసుకుని, ఎప్పటిలాగే మౌనంగా శ్మశానం కేసి నడవసాగాడు.” మా నాన్నగారు చదివి వినిపించినప్పుడు “శ్మశానానికేసి” అన్నట్టు నా చెవిలో ఉండిపోయింది. ఏది సరి? అసలీ “కేసి” ఏ మాట?

గోదారిగట్టు: అచ్చులో “శ్మశానం కేసి” అనే ఉంటుందండీ, అందులో సందేహం లేదు. కానీ మా ఇళ్ళలో నోటితో చెప్పేటప్పుడు “శ్మశానానికేసి” అనే అంటారు. మీ నాన్నగారు అచ్చులో ఉన్నదాన్ని నోటికి తిప్పి చదివి ఉంటారు.

ఓరుగల్లు: మా దగ్గర ఈ మాటే లేదు. నా దిక్కు చూడు, ఊరి దిక్కు పోతున్న, అంతే. చిన్నప్పుడు నేను “కేసి” అంటే శ్మశానం పేరేమో అనుకుని చదివిన. అయినా కథ ఆగలేదు. రాజు శవాన్ని మోస్తున్నడు, అది మాట్లాడుతున్నది. ఇంకేం కావాలె?

పెన్నేటి: మాకు తట్టు. నా తట్టు చూడు. “మౌనంగా శ్మశానం తట్టు నడవసాగాడు” అని చదివి చూడండి, అదీ బాగానే ఉంటుంది.

లఘుగురువు: బాగుండదు పెన్నేటి గారూ. ఆ వాక్యానికి ఒక నడక ఉంది. “కేసి” దగ్గర ఒక చిన్న దీర్ఘం, వెంటనే “నడవసాగాడు” అని పరుగు. అందుకే పెద్దవాళ్ళు కూడా అది చూడకుండా చెప్పగలుగుతున్నారు. ఆ మాటను ఎంచుకున్నది చెవి ఉన్న మనిషి.

వ్యాకరణప్రియ: నడకే కారణమైతే “వైపు” అన్నా సరిపోయేది కదా? కేసి ఒక గురువు, ఒక లఘువు. వైపు కూడా అంతే. రెండూ హగణాలే. కాబట్టి నడకను పక్కన పెట్టి అసలు ప్రశ్నకు వద్దాం.

నాకేసి, నీకేసి, వాడికేసి, ఇంటికేసి, చెట్టుకేసి. వీటిని రెండు రకాలుగా విడగొట్టవచ్చు. నా + కేసి కావచ్చు, నాకు + ఏసి కావచ్చు. ఇంటి + కేసి, ఇంటికి + ఏసి. ఎలా విడగొట్టినా బయటికి ఒకే రూపం వస్తుంది, కాబట్టి వీటితో ఏమీ తేలదు. తేల్చేవి “అం”తో ముగిసే మాటలు మాత్రమే. ఆకాశం, గ్రామం, శ్మశానం. “కేసి” విడి ప్రత్యయమైతే “ఆకాశం కేసి” అనాలి. అందులో చతుర్థి “కు” దాగి ఉంటే “ఆకాశానికేసి” అనాలి. పాతసంచిక గారి చెవికి తగిలింది సరిగ్గా ఆ ఒక్క చోటే, “నానికే” అన్న చోట. నా ఉద్దేశంలో మీ నాన్నగారు అన్నదే మూలరూపం.

గోదారిగట్టు: అయితే ఆ “ఏసి” ఏమిటి?

వ్యాకరణప్రియ: వేసి. చూపు వేసి, అడుగు వేసి. “ఇంటికి వేసి” కాస్తా “ఇంటికేసి” అయింది. అర్థం చూడండి. “ఇంటి వైపు కూర్చున్నాడు” అంటాం, “ఇంటికేసి కూర్చున్నాడు” అనం. కేసి రావాలంటే చూపు కావాలి, లేదా కదలిక కావాలి. వైపుకు ఆ షరతు లేదు. క్రియ లోపల ఉంది కాబట్టే ఈ షరతు.

లఘుగురువు: ఆ వాక్యంలోనే మీకు అడ్డం ఉందండీ. “భుజాన వేసుకుని” అని వకారం నిక్షేపంగా ఉంది. నాలుగు మాటల తర్వాత అదే “వేసి” వకారం పోగొట్టుకుని “ఏసి” అయిందా?

వ్యాకరణప్రియ: ఒకటి బతికున్న క్రియ, ఇంకోటి ఎప్పుడో ప్రత్యయంగా గట్టిపడిపోయిన క్రియ. పట్టి అన్నది “దాన్ని బట్టి”లో బట్టి అయింది. అంతమాత్రాన మనం “పట్టి” అనడం మానేశామా? రెండూ పక్కపక్కనే ఉన్నాయి. గురించి, నుండి, కూర్చి అన్నీ ఒకప్పుడు క్త్వార్థకాలే, అంటే “చేసి, వెళ్ళి” లాంటి క్రియారూపాలే. మన భాషకు ఈ అలవాటు పాతది.

పెన్నేటి: గురించి అన్నారు కాబట్టి నాకొకటి తోచింది. “దాన్ని గురించి” అనేది పాత పద్ధతి, ద్వితీయతో. ఇప్పుడు “దాని గురించి” అంటున్నాం. “శ్మశానాన్ని గురించి” పోయి “శ్మశానం గురించి” వచ్చింది. విభక్తి రాలిపోయింది, ప్రత్యయం మిగిలింది. “శ్మశానానికేసి” కూడా అలాగే “శ్మశానం కేసి” అయి ఉండొచ్చు కదా? అప్పుడు నాన్నగారిదీ సరి, అచ్చుదీ సరి. మధ్యలో ఒక తరం గడిచింది, అంతే.

గోదారిగట్టు: ఇది బాగుంది.

లఘుగురువు: బాగుంది కానీ రుజువు లేదు. “గురించి”కి పాత పుస్తకాల్లో ద్వితీయ కనబడుతుంది. “శ్మశానానికేసి” చందమామకు ముందు అచ్చయిన ఒక్క ఉదాహరణ చూపించండి, ఒప్పుకుంటాను. కాశీమజిలీ కథల్లో వెతకొద్దు. మణిసిద్ధుడు అన్ని మజిలీల్లోనూ గ్రాంథికమే చెబుతాడు, కేసి దొరకదు. వ్యావహారికం కావాలి.

నా లెక్క వేరు. అది తెనాలి మాట. చందమామ వచనాన్ని 1952 నుంచి 1980 దాకా తీర్చిదిద్దింది కొడవటిగంటి కుటుంబరావు గారు. ఆయన పుట్టింది తెనాలిలో. ఆయన నోట ఆడే మాట రాష్ట్రమంతా పాకింది. ఓరుగల్లు గారు ఇంట్లో వినని మాటను కథలో చదివి నేర్చుకున్నారంటే, అది ఒక పత్రిక చేసిన పని.

ఓరుగల్లు: నేర్చుకున్న మాట నిజమే అన్నా. కానీ నేర్చుకున్నది ఆ ఒక్క వాక్యంలోనే, బయట ఎన్నడు వాడలే.

సాలభంజిక: ఆలస్యంగా వచ్చాను. విక్రమార్కుడి పేరెత్తి ఇంతసేపూ కొరవి గోపరాజును తలవకపోవడం అన్యాయం. 15వ శతాబ్దంలోనే సింహాసన ద్వాత్రింశిక రాశాడు. భోజుడికి సింహాసనం దొరకడం, ఎక్కబోతే మెట్టు మెట్టుకూ ఒక బొమ్మ ఆపి విక్రమార్కుడి కథ చెప్పడం, అందులో మాయలు, సాహసాలు. మీ అమ్మాయి చదివే సీరీస్‌లకు ఏం తీసిపోదు. పైగా అందులో దేశిపదాల పంట. సురవరం ప్రతాపరెడ్డి గారు ఆంధ్రుల సాంఘిక చరిత్ర రాసేటప్పుడు దాన్ని ఎంతగా వాడుకున్నారో చూడండి. ఆటలు, తిండ్లు, వేషాలు అన్నీ గోపరాజు దగ్గర దొరికాయి. దిక్కుకూ తట్టుకూ పాత ప్రయోగాలు కావాలంటే నేను ముందు అక్కడే చూస్తాను.

లఘుగురువు: గోపరాజు పద్యం కాదనను. కానీ పద్యంలో “కేసి” దొరుకుతుందా?

సాలభంజిక: దొరకకపోయినా చదవండి. ఒక ప్రత్యయం కోసం వెతుకుతూ ఆ పుస్తకం మొత్తం చదివితే నష్టం లేదు.

పాతసంచిక: అందరికీ ధన్యవాదాలు. ఈ చర్చంతా మా అమ్మాయికి చదివి వినిపించాను. తను అడిగింది వేరే. బేతాళుడు ప్రతిసారీ వెళ్ళి ఎక్కేది ఏ చెట్టు, పేరెందుకు చెప్పరు అంది. ఇంకోటి, కథ చివర బ్రాకెట్లో “కల్పితం” అని ఎందుకు వేస్తారు, మిగతావి నిజమా అని.

సాలభంజిక: తెలివైన పిల్ల. సోమదేవుడు 11వ శతాబ్దంలో కాశ్మీరంలో రాసిన కథాసరిత్సాగరంలో బేతాళ కథలు పాతికే. చందమామలో అవి అయిపోయాక కొత్తవి అల్లుతూ దశాబ్దాలు నడిపారు. అందుకని, ఇది సంస్కృతం నుంచి వచ్చింది కాదు, మేం అల్లినది అని నిజాయితీగా చెప్పడానికే “కల్పితం”. పెద్దవాళ్ళు మళ్ళీ చదివితే ఇంకో రుచి తెలుస్తుంది. చివర వేసే ప్రశ్నలకు న్యాయం ఒక పక్కనే ఉండదు. మూలంలో చిట్టచివరి కథలో ఒక తండ్రీకొడుకులు ఇంకో ఇంటి తల్లీకూతుళ్ళను పెళ్ళాడతారు, తండ్రి ఆ కూతుర్నీ, కొడుకు ఆ తల్లినీ. వాళ్ళ పిల్లలు ఒకరికొకరు ఏమవుతారో రాజు చెప్పలేకపోతాడు. ఆ మౌనం చూసి బేతాళుడు మెచ్చుకుని, రాజును శవం కోసం పంపిన భిక్షువు కుట్ర బయటపెడతాడు.

ఇంకో సంగతి. సోమదేవుడి కథలో రాజు త్రివిక్రమసేనుడు, ఊరు గోదావరి ఒడ్డున ప్రతిష్ఠానం.

గోదారిగట్టు: గోదావరా! ఇన్నేళ్ళుగా ఉజ్జయినీ అనుకుంటున్నాను. అయితే ఆ శ్మశానం మా నది ఎగువనే ఉందన్నమాట.

పెన్నేటి: మా ఇంట్లో మర్రిచెట్టు అనే చెప్పేవాళ్ళు. చందమామ చిత్రకారుడు శంకర్ గారి బొమ్మ చూసినా నాకు మర్రిచెట్టే అనిపించేది. ఒక చేతిలో కత్తి, భుజం మీద వేలాడే శవం, ఆ చీకటి. ఆయన 2020లో పోయారు. ఆ బొమ్మ మాత్రం కళ్ళు మూసుకున్నా కనబడుతుంది.

వ్యాకరణప్రియ: మర్రి కాదు, మూలంలో శింశుపా వృక్షం. అశోకవనంలో సీత కూర్చున్నదీ దాని కిందే. పాతసంచిక గారూ, చెట్టు సంగతి తర్వాత చూద్దాం. మీ నాన్నగారు “ఆకాశం కేసి” అనేవారా, “ఆకాశానికేసి” అనేవారా, అది గుర్తు తెచ్చుకోండి. మీ ఊరు కూడా చెప్పండి.

సాలభంజిక: శింశుపా అంటే ఇరుగుడు చెట్టు అని నేను చదివాను. కొందరు రామాయణ వ్యాఖ్యలు చూసి అశోకమే అంటారు. ఇది మాత్రం తేల్చాలి.

ఓరుగల్లు: ఇరుగుడే. మా తాత నాగలికి ఆ కట్టెనే వాడేటోడు.

లఘుగురువు: ఇరుగుడు, శింశుపా ఒకటే అని ఏ నిఘంటువులో ఉందో చెప్పండి. పుట సంఖ్యతో సహా.