ఫుట్‌బాల్ ఆడినాయన మేయరైతే ఊరికి ఒరిగేదేంటి?

కార్నర్‌కిక్_కృష్ణ
మా మున్సిపాలిటీలో సంతోష్ ట్రోఫీ (రాష్ట్రాల మధ్య జరిగే ఫుట్‌బాల్ పోటీ) ఆడిన పెద్దాయన ఒకరున్నారు. మా బ్యాచ్ మొత్తానికి బంతి ఆపడం నేర్పింది ఆయనే. ఈసారి వార్డుకి నిలబడతారట, కుదిరితే చైర్మన్ కుర్చీ కూడానట. ప్రచారానికి రమ్మని రోజూ ఫోను. కాదనలేను, అవునందామంటే గుబులు.

మెక్సికోలో క్వావ్టెమొక్ బ్లాంకోది ఇలాంటి కథే కదా. 2015 ఏప్రిల్‌లో ప్యూబ్లా జట్టుతో కోపా ఎంఎక్స్ గెలిచి బూట్లు విప్పాడు, జూన్‌లో క్వెర్నవాకా మేయర్‌గా గెలిచాడు. మధ్యలో రెండు నెలలు కూడా లేవు. అక్కడ ఊరు ఏమైనా బాగుపడిందా? ఇలాంటివాళ్ళకి పార్టీ టికెట్ మేలా, ఇండిపెండెంటుగా దిగడం మేలా? చిన్న ఊళ్ళ అనుభవాలే చెప్పండి. దయచేసి క్రికెట్ వాళ్ళ కబుర్లు వద్దు.

చికాగో_చిన్నోడు
బ్లాంకో పేరెత్తారు, ఇక నాకు నిద్ర పట్టదు. 2007లో బెక్హామ్ అమెరికా వచ్చాడని ఒకటే గోల. అదే ఏడాది మా చికాగో ఫైర్‌కి బ్లాంకో వచ్చాడు. నేనప్పుడు ఎమ్మెస్, జేబులో చిల్లర లెక్కపెట్టుకునే రోజులు. బ్రిడ్జ్‌వ్యూలో స్టేడియానికి బస్సులు మారుతూ పోయా. నా చుట్టూ అన్నీ మెక్సికన్ కుటుంబాలు, ముసలమ్మల దగ్గర్నుంచి చంటిపిల్లల దాకా. 34 ఏళ్ళ మనిషి, వీపు కాస్త వంగి, పరిగెత్తడం తన పని కానట్టు నిలబడ్డాడు. బంతి కాలికి తగలగానే స్టేడియం మొత్తం లేచింది.

1998 ప్రపంచకప్‌లో కొరియా వాళ్ళ మీద బంతిని రెండు పాదాల మధ్య ఇరికించుకుని ఇద్దరి నడుమ నుంచి కప్పలా గెంతింది ఇతనే. మేయర్ సంగతి నాకు తెలియదు. అలా గెంతినోడికి నేనైతే ఓటేస్తా.

రిటైర్డ్_మేనేజర్_రామం
కృష్ణ గారూ, ముందు ఒక సవరణ. మున్సిపాలిటీకి ఉండేది చైర్మన్, కార్పొరేషన్‌కి మేయర్. 33 ఏళ్ళు మున్సిపల్ సర్వీసు చేసినవాణ్ణి, ఈ రెండూ కలిపేస్తే నాకు చెయ్యి ఊరుకోదు. 1987లో, 1995లో, 2000లో చైర్మన్‌ని జనమే నేరుగా ఎన్నుకున్నారు. మూడింటికీ డ్యూటీ చేశా. 2005 నుంచి మళ్ళీ కౌన్సిలర్లు ఎన్నుకునే పద్ధతి వచ్చింది. మీ ఆయన వార్డు గెలిచి ఇంటికొస్తే సరిపోదు, మిగతా కౌన్సిలర్ల చేతులు లేవాలి. అక్కడ పనికొచ్చేది కాలు కాదు.

మైదానం_మల్లేశ్
రామం సార్ చెప్పింది కరెక్టే గని అసలు ముచ్చట ఇడిసిపెట్టిండు. ఎక్స్ అఫీషియో ఓట్లు, అంటే ఎమ్మెల్యేకు, ఎంపీకి పదవి తోని వచ్చే ఓట్లు! మా మేనమామ కొడుకు పోయినసారి చైర్మన్ అయితడని ఊరంత దండలు తెచ్చిన్రు. మాకు మెజారిటీ ఉన్నది, అందరిని రిసార్టుల వెట్టి పది దినాలు సాకినం. తీరా ఎన్నిక నాడు ఎమ్మెల్యే ఓటు, ఎంపీ ఓటు అవతల వడ్డయి. ఒక్క ఓటుతోని పాయె. దండలు గుళ్ళె ఇచ్చినం. కోళ్ళ దుకాణపాయన బాకీ ఇంక నడుస్తనే ఉన్నది.

కార్నర్‌కిక్_కృష్ణ
అయ్యో మల్లేశన్నా. కానీ నేనడిగింది క్వెర్నవాకా గురించి కూడా.

సివాక్_శీను
నేనున్నా అక్కడ. 2015 చివర్నుంచి ఏడాదిన్నర, పక్కనే సివాక్ పారిశ్రామికవాడలో పని.

రామం గారూ, మీ చెయ్యి ఊరుకోనంటే ఇదీ వినండి. అక్కడ మేయర్ అసలు పేరు ‘ప్రెసిడెంటే మునిసిపల్’. మా ఇంటి ఓనరమ్మ ‘ప్రెసిడెంటే, ప్రెసిడెంటే’ అంటుంటే మా ఊళ్ళో సర్పంచిని ప్రెసిడెంటు గారు అన్నట్టే వినిపించేది. జనమే నేరుగా ఎన్నుకుంటారు, కౌన్సిల్ జాబితా కూడా ఆయన వెంటే బ్యాలెట్ మీదకొస్తుంది. కాబట్టి రిసార్టులు లేవు, కోళ్ళ బాకీలు లేవు.

2016 జనవరి 1న బ్లాంకో కుర్చీ ఎక్కాడు. మర్నాడు పొద్దున పక్కనున్న తెమిస్కోలో గిసెలా మోతా అనే మేయర్‌ని ఇంట్లోకి చొరబడి కాల్చి చంపారు. ఆమె కూడా ముందురోజే పదవి చేపట్టింది, 33 ఏళ్ళు. తెమిస్కో అంటే ఎక్కడో కాదు, క్వెర్నవాకా ఇళ్ళు ఎక్కడ ఆగాయో, దాని ఇళ్ళు ఎక్కడ మొదలయ్యాయో తెలియదు. ఆ వారం మా ఆఫీసు వాళ్ళు చీకటి పడక ముందే ఇళ్ళకి పంపేశారు.

అప్పటికే పోలీసుల గొడవ నడుస్తోంది. ఊళ్ళ పోలీసులందర్నీ రాష్ట్రం చేతి కింద పెట్టాలని మొరెలోస్ గవర్నర్ గ్రాకో రామిరెస్ పట్టు. దాన్ని ‘మాండో ఊనికో’ అంటారు, ఒకే కమాండ్ అన్నమాట. మా ఊరి పోలీసులు మా దగ్గరే ఉండాలని బ్లాంకో. ఆ హత్య జరిగాక గవర్నర్ డిక్రీ జారీ చేశాడు, ఈయన ఒప్పుకోలేదు. నేనున్నన్నాళ్ళూ పేపర్లో మొదటి పేజీ వీళ్ళిద్దరిదే. 

ఇక నీళ్ళు. మా వీధికి ట్యాంకరే దిక్కు. ట్యాంకర్‌ని అక్కడ ‘పీపా’ అంటారు. మన పీపాయే! ఇద్దరికీ ఒకే చోటి నుంచి వచ్చిన మాట. ఊరు బాగుపడిందా అంటే, నేను వచ్చేసే రోజు కూడా పీపా కోసమే ఎదురుచూశా.

గణాంకాల_గణపతి
అసలు ప్రశ్నే తప్పు. క్వెర్నవాకా చిన్న ఊరేంటి? రాష్ట్ర రాజధాని, మూడున్నర లక్షల పైచిలుకు జనం. 2011 లెక్కల్లో మన రాజమండ్రి 3.41 లక్షలు. ఇది చిన్న ఊరైతే అదీ చిన్న ఊరే.

గోదారి_గట్టు
ఏవండోయ్, రాజమండ్రిని చిన్న ఊరన్నదెవరండీ? పుష్కరాల రేవు చూశారా ఎప్పుడన్నా? మీ ఊరి పేరు చెప్పండి ముందు, తర్వాత లెక్కలు చూద్దాం.

గణాంకాల_గణపతి
నేను ‘అయితే’ అన్నానండీ. వాక్యం పూర్తిగా చదవండి.

గోదారి_గట్టు
‘అయితే’ అంటే మా దగ్గర తిట్టేనండీ. ఆ పక్కన ధవళేశ్వరం, ఈ పక్కన కాతేరు, అన్నీ కలుపుకుంటే ఎంతవుతుందో ఎప్పుడన్నా వేశారా లెక్క? కాగితం మీద జనాభా చూసి ఊరి కొలత చెప్పేవాళ్ళని చూస్తే ఒళ్ళు మండుతుందండి.

గణాంకాల_గణపతి
శివారు గ్రామాలు కలిపితే క్వెర్నవాకాకీ కలపాలి. తెమిస్కో, హియుతెపెక్ అన్నీ కలుస్తాయి. అప్పుడు అది మీకంటే పెద్దదే అవుతుంది. ఒప్పుకుంటారా?

గోదారి_గట్టు
ఒప్పుకోను.

ఆఫ్‌సైడ్_అనూరాధ
మీ జనాభాలు తర్వాత తేల్చుకోండి. బ్లాంకో గురించి ఎవరూ ఎత్తని ముక్క ఒకటి చెప్తా. మేయరైన రెండు నెలలకే, 2016 మార్చి 5న, అజ్టెకా స్టేడియంలో క్లబ్ అమెరికా తరఫున వీడ్కోలు మ్యాచ్ ఆడాడు. ప్రదర్శన మ్యాచ్ కాదు, లీగ్ మ్యాచ్, మొరేలియా మీద. వీపు మీద 100 నంబరు. 43 ఏళ్ళు, పదవిలో ఉన్న మేయర్! పక్క ఊళ్ళో మేయర్‌ని చంపి రెండు నెలలైంది, వీధిలో నీళ్ళు లేవు, ఈయన మెక్సికో సిటీకి బూట్లు పట్టుకుపోయాడు. మా ఊళ్ళో స్కూలు గ్రౌండు తాళం చెవి కోసం ఆర్నెల్లు మున్సిపల్ ఆఫీసు చుట్టూ తిరిగినదాన్ని. ఎప్పుడెళ్ళినా ‘సార్ లేరు’. ఆ సార్ కనీసం ఫుట్‌బాల్ ఆడ్డానికైనా పోలేదు, అది వేరే సంగతి.

చికాగో_చిన్నోడు
అనూరాధ గారూ, 2016 మార్చి 5 శనివారం. సెలవు రోజు మనిషి ఆడుకుంటే మీకేంటి? 19 ఏళ్ళప్పుడు మొదలెట్టిన క్లబ్బు అది, ఆఖరిసారి ఆ గడ్డి మీద నిలబడనివ్వరా? ఆ రోజు నేను టీవీ ముందు ఏడ్చా, చెప్పుకోవడానికి నాకు సిగ్గేం లేదు.

ఆఫ్‌సైడ్_అనూరాధ
మీరు ఏడ్చినందుకు వాళ్ళ నల్లాలో నీళ్ళొచ్చాయా?

రిటైర్డ్_మేనేజర్_రామం
ఎన్నికైన ప్రతినిధికి శనివారం సెలవనే నిబంధన ఎక్కడా ఉండదు. మెక్సికో సంగతి నాకు తెలియదు, మన చట్టంలో మాత్రం లేదు.

చికాగో_చిన్నోడు
మరి శనివారం పని చెయ్యాలనే నిబంధన ఉందా సార్?

రిటైర్డ్_మేనేజర్_రామం
నాయనా, నేను ఆదివారాలు కూడా తుఫాను డ్యూటీ చేసినవాణ్ణి. నాతో వాదన వద్దు.

సొంతగోల్_సుబ్బు
బ్లాంకో ఒక్కడేనా? జార్జియాలో కాఖా కలాడ్జే. ఏసీ మిలాన్‌తో 2003, 2007 ఛాంపియన్స్ లీగ్ గెలిచిన డిఫెండరు. 2009 సెప్టెంబరులో తిబిలిసిలో ఇటలీతో ప్రపంచకప్ అర్హత మ్యాచ్. 2-0 ఓటమి, రెండు గోల్సూ ఈయన సొంత గోల్సే. అదీ సొంత ఊరి జనం ముందు! 2017లో అదే తిబిలిసికి మేయర్, తర్వాత కూడా గెలుస్తూనే ఉన్నాడు. కాలనీ మ్యాచ్‌లో నేను ఒక్క సొంత గోల్ కొట్టినందుకు పన్నెండేళ్ళుగా ఈ పేరుతో తిరుగుతున్నా. జార్జియాలో పుట్టాల్సింది.

గణాంకాల_గణపతి
తిబిలిసి దేశ రాజధాని, పది లక్షల పైన జనం. చిన్న ఊరు కాదు. కలాడ్జే పుట్టింది కూడా అక్కడ కాదు, సమ్‌త్రెదియాలో.

సొంతగోల్_సుబ్బు
ఊళ్ళు కొలవడం ఆపవయ్యా బాబూ.

కార్నర్‌కిక్_కృష్ణ
మన దేశంలో ఎవరూ లేరా?

సొంతగోల్_సుబ్బు
బైచుంగ్ భూటియా ఉన్నాడుగా. 2014లో డార్జిలింగ్ ఎంపీగా ఓటమి. 2016లో సిలిగుడి అసెంబ్లీకి నిలబడితే ఓడించిందెవరో తెలుసా? అశోక్ భట్టాచార్య, అప్పటికి సిలిగుడి మేయర్! ఫుట్‌బాలర్ మేయర్ కావడం కాదు, మేయరే ఫుట్‌బాలర్‌కి గోల్ కొట్టాడు. తర్వాత సిక్కింలో సొంత పార్టీ పెట్టాడు, అదీ లేవలేదు. 2024లోనూ ఓడాక రాజకీయాలకే దండం పెట్టాడు. ప్రసూన్ బెనర్జీ మాత్రం హౌరా నుంచి ఎంపీగా గెలుస్తూ వస్తున్నాడు. బెంగాల్లో ఫుట్‌బాలంటే ఓటుంది.

మైదానం_మల్లేశ్
బెంగాల్ల ఉంటది, మన దగ్గర ఏడుంది? హైదరాబాద్ సిటీ పోలీస్ టీం 1950 నుంచి 54 దాక ఐదేండ్లు వరుసగ రోవర్స్ కప్ కొట్టింది. రహీం సాబ్ కోచింగుల 1962 జకార్తా ఏషియన్ గేమ్స్‌ల గోల్డొచ్చింది. అమ్ముగూడ బలరాం సార్ ఆ టీంలనే ఉండె. 2023ల ఆయన పోతే మా బస్తీల పిల్లలకు ఆయనెవరో తెల్వది. కోల్‌కతా దిక్కే బతికిండు, ఆడనే పోయిండు. ఇగ మనోళ్ళు ఆటగాడికి ఓటేస్తరా? క్రికెటోడైతే వేస్తరు.

గోదారి_గట్టు
క్రికెటోడికి కూడా ఎక్కడ వేశారండీ? అజహరుద్దీన్ మొరాదాబాద్‌లో ఎంపీ అయ్యాడు, సొంతూరు జూబ్లీహిల్స్‌లో 2023లో ఓడాడు.

కార్నర్‌కిక్_కృష్ణ
క్రికెట్ వద్దన్నానా లేదా!

సివాక్_శీను
సొంతూరు మాట వచ్చింది కాబట్టి, బ్లాంకో మీద పడ్డ అసలు దెబ్బ అదే. మనిషి మెక్సికో సిటీ వాడు. 2016 డిసెంబరులో, నువ్వు క్వెర్నవాకాలో ఉండాల్సినన్నాళ్ళు ఉండలేదు, పోటీకే అర్హత లేదని రాష్ట్ర అసెంబ్లీ తీసేయబోయింది. అప్పుడేం చేశాడో చెప్పుకోండి. నిరాహార దీక్ష! టెంటు, చుట్టూ జనం, నినాదాలు. ఫొటో పంపితే మా నాన్న ‘ఇది ఏ జిల్లారా?’ అని అడిగారు. సుప్రీంకోర్టు స్టే ఇచ్చింది, కుర్చీ నిలిచింది.

పార్టీ టికెట్ సంగతి అడిగావు కదా కృష్ణా, అదీ విను. బ్లాంకోని నిలబెట్టింది ఒక చిన్న స్థానిక పార్టీ. గెలిచాక వాళ్ళకీ ఈయనకీ చెడింది. పోటీ చేయడానికి 70 లక్షల పెసోలు ఇచ్చామని వాళ్ళే ఒప్పందం కాగితం బయటపెట్టారు. ఆ సంతకం నాది కాదని ఆయన. ఇంత రచ్చ తర్వాత ఓడిపోవాలి కదా? 2018లో ఇంకో కూటమి నుంచి దిగి ఏకంగా రాష్ట్ర గవర్నరయ్యాడు. మా ఓనరమ్మ నీళ్ళ గురించి రోజూ తిట్టి తిట్టి, ఆయనకే ఓటేశానని మెసేజ్ పెట్టింది. ఎందుకమ్మా అంటే, గ్రాకో ఆయన్ని ఏడిపించాడు కదా అంది.

ఆఫ్‌సైడ్_అనూరాధ
అంటే నీళ్ళివ్వకపోయినా ఫర్వాలేదు, ఎవరో ఏడిపిస్తే చాలు. శభాష్.

రిటైర్డ్_మేనేజర్_రామం
కృష్ణ గారూ, సూటిగా చెప్తా. ఇండిపెండెంటుగా గెలిస్తే ఏ పార్టీ విప్పూ తగలదు, చేతులెత్తే రోజు అందరూ మీ ఆయన ఇంటికే వస్తారు. కానీ ఎజెండా చదవడం రావాలి. చాలామంది కౌన్సిలర్లు పేజీలు తిప్పకుండా సంతకం పెట్టడం నా కళ్ళతో చూశా. కాంట్రాక్టరు బిల్లు ఎప్పుడూ చివరి పేజీల్లోనే ఉంటుంది. మీ ఆయన్ని నా దగ్గరికి పంపండి, నెల రోజుల్లో నేర్పిస్తా.

మైదానం_మల్లేశ్
సార్, మా వోణ్ణి గూడ పంపుతం. గని ముందుగాల ఆ కోళ్ళ బాకీకి ఏదన్న సెక్షన్ ఉంటే చెప్పున్రి.

కార్నర్‌కిక్_కృష్ణ
రామం గారూ, నిన్న సాయంత్రం ఇదంతా ఆయనకి చదివి వినిపించా. అన్నీ విన్నారు. ఎజెండా గురించి ఒక్క మాట అడగలేదు, ‘బ్లాంకోది ఏ పొజిషన్?’ అన్నారు. ఫార్వర్డ్ అన్నా. ‘అదీ తేడా, నేను గోల్‌కీపర్ని కదా’ అని నవ్వారు. నామినేషన్‌కి మాత్రం రమ్మన్నారు.

చికాగో_చిన్నోడు
కీపరా! ముందే చెప్పాలి కదా బ్రో. కీపర్లది మొత్తం వేరే కథ. తంగరాజ్ గారి గురించి మా తాత చెప్పేవాడు...

గోదారి_గట్టు
అది వేరే చర్చ మొదలెట్టండి బాబూ. ఇక్కడ రాజమండ్రి సంగతి ఇంకా తేలలేదు.