పక్క పొలం పెద్దాయన మాటలు: ట్రాక్టరు, కంచె, చట్టం. మీ దగ్గర ఏమంటారు?

గోధుమచేను (పశ్చిమ కాన్సాస్):

మా ఆవిడ డాక్టరు. జే-1 వీసా మీద అమెరికాలో చదివిన డాక్టర్లు చదువయ్యాక రెండేళ్లు స్వదేశంలో ఉండాలి. అలా వెళ్లకుండా ఇక్కడే ఉండాలంటే, వైద్యులు చాలని ప్రాంతంలో మూడేళ్లు పనిచేయడం ఒక దారి. అలా వచ్చి పడ్డాం ఈ ఊరికి. ఆ మూడేళ్లు ఎప్పుడో అయిపోయాయి, మేం మాత్రం కదల్లేదు. అందుకు సగం కారణం మా పక్క పొలం పెద్దాయన. పక్క అంటే ముప్పావు మైలు.

పొద్దున ఆరింటికి ధాన్యం కొనే సహకార సంఘం ఆఫీసులో కాఫీ దగ్గర నలుగురు ముసలివాళ్లు చేరతారు. నేనూ వెళ్లి ఒక మూల కూర్చుంటాను. ఈయన మొదలుపెడితే ఇక ఆపేవాళ్లు ఉండరు. వాషింగ్టన్‌లో చట్టాలు రాసేవాళ్లలో ఒక్కరైనా అర్ధరాత్రి లేచి ఆవును ఈనించారా అని అడుగుతాడు. మా రాష్ట్రంలో పద్నాలుగేళ్ల పిల్లలకు పొలం పని కోసం డ్రైవింగ్ పర్మిట్ ఇస్తారు. ఆయన లెక్కలో ప్రభుత్వం ఇంతవరకు చేసిన మంచి పని అదొక్కటే.

అసలు కోపం యంత్రాల మీద. మొన్న జూన్‌లో గోధుమ కోతలప్పుడు ఆయన కొత్త హార్వెస్టరు చేను మధ్యలో నీరసించిపోయింది. ఇంజను బాగానే ఉంది. పొగను శుభ్రం చేయడానికి పోసే యూరియా ద్రావణం ఉంటుంది కదా, డెఫ్ అంటారు, దాని సెన్సారు ఒకటి చెడింది. అంతే, కంప్యూటరు ఇంజను బలం తగ్గించేసింది. పడమర దిక్కున వడగళ్ల మబ్బు. కంపెనీ మనిషి రావడానికి ఒకటిన్నర రోజు పట్టింది. వచ్చి కిందికి వంగనైనా వంగలేదు, ల్యాప్‌టాప్ తగిలించి పదకొండు నిమిషాల్లో లేచాడు. ఆ పదకొండు నిమిషాలూ పెద్దాయన పానా చేత్తో పట్టుకుని పక్కనే నిలబడ్డాడు, దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియనట్టు. తర్వాత నాతో అన్నాడు: "ముక్కు కారుతోందని గుండె ఆపేసే డాక్టరు ఉంటాడా? మీ ఆవిడను అడుగు."

అడిగాను. ఉండరట. మీ ఇరుగుపొరుగువాళ్లు ఇలాంటివి ఏమంటుంటారో రాయండి.

ఊదారంగు (మిజోరి):

మీ పెద్దాయనకు తమ్ముడెవరో మా ఊళ్లో ఉన్నట్టున్నాడు.

ఇంటి నుంచే ఉద్యోగం కాబట్టి ఓజార్క్ కొండల్లో పదెకరాలు కొన్నాం. వచ్చిన వారానికే వెనక అడవిలోకి నడకకు వెళ్లాను. చెట్లకు అక్కడక్కడా ఊదారంగు గీతలున్నాయి. కొట్టేయడానికి గుర్తు పెట్టారేమో, పాపం మంచి ఓకు చెట్లు అనుకుంటూ ఇంకా లోపలికి వెళ్లాను. కుక్కతో సహా ఒకాయన బండిలో ఎదురొచ్చాడు. మర్యాదగానే అడిగాడు, నాకు రంగులు కనిపిస్తాయా అని.

ఇక్కడ ఊదారంగు గీత అంటే "లోపలికి రావద్దు" అన్న బోర్డుతో సమానం. గీత కనీసం ఎనిమిది అంగుళాల పొడవుండాలి, దాని అడుగు భాగం నేలనుంచి మూడు నుంచి అయిదు అడుగుల ఎత్తులో ఉండాలి, గీతకూ గీతకూ మధ్య వంద అడుగులు మించకూడదు. ఇదంతా ఆయన నోటితోనే అప్పజెప్పాడు. బోర్డు పెట్టవచ్చు కదా అన్నాను. "బోర్డును వేటగాళ్లు గురిచూడ్డానికి వాడుకుంటారు. రంగుకు ఎన్ని చిల్లులు పడ్డా రంగే" అన్నాడు. ఇప్పుడు నా చెట్లకూ నేనే గీతలు వేసుకున్నాను. డబ్బా రంగు ఆయనే ఇచ్చాడు.

మొక్కజొన్న_అక్క (అయోవా):

గోధుమచేను గారూ, ఒకటి గమనించారా? నోరు తెరిస్తే ప్రభుత్వం వద్దనే మనుషులే కంచె దగ్గరికి వచ్చేసరికి ప్లీడర్లైపోతారు.

మా మామగారు నల్లగొండ నుంచి వచ్చినప్పుడు మా పక్కాయన ఆయన్ని పిలిచి మరీ కంచె ధర్మం వివరించాడు. ఇద్దరి పొలాల మధ్య ఉమ్మడి కంచె. మధ్యలో ఎదురెదురుగా నిలబడాలి. ఎవరి కుడిచేతి వైపు సగాన్ని వాళ్లు బాగుచేయించుకోవాలి. నేను తర్జుమా చేస్తున్నాను, ఇద్దరూ చేలో ఎదురెదురుగా నిలబడి కుడిచేతులు చాపి చూపించుకుంటున్నారు. మాట కుదరకపోతే టౌన్‌షిప్ (మన పంచాయతీ లాంటిది) పెద్దలు ముగ్గురు వచ్చి చూసి తీర్పు చెబుతారు. వాళ్లకు చట్టంలోనే "కంచె చూసేవాళ్లు" అని పేరు. మా మామగారు అంతా విని, "మా గట్టు తగాదా ఇరవై ఏళ్లుగా కోర్టులో ఉంది. ఈ కుడిచెయ్యి సంగతి ముందే తెలిస్తే బాగుండేది" అన్నారు.

రెండో పీపా (కొలరాడో):

మా దగ్గర నీళ్ల గొడవ ముందు మీ కంచెలు చాలవండీ.

ఇంటి కప్పు మీద పడిన వాన నీళ్లు పట్టుకోవడం 2016 దాకా మామూలు ఇళ్లవాళ్లకు చట్టవిరుద్ధం. ఇప్పుడు రెండు పీపాలకు అనుమతి ఉంది, మొత్తం కలిపి 110 గ్యాలన్లు. "నా రేకుల మీద పడిన వాన కింద ఊరివాడిది ఎలా అవుతుంది?" అని మా గుర్రాల ఆసామి ఇప్పటికీ రగిలిపోతాడు. నేనూ మొదట ఆయన పక్షమే. తర్వాత తెలిసింది, ఇక్కడి పశ్చిమ రాష్ట్రాల సూత్రమే వేరు. కప్పు మీది వానా చివరికి వాగులో చేరే నీళ్లేనని లెక్క. వాగు నీళ్లను ముందుగా ఎవరు వాడుకలో పెట్టారో వాళ్ల హక్కు ముందు. కరువొస్తే పాత హక్కుదారుకు పూర్తిగా అందాకే కొత్తవాడికి చుక్క. పొలం ఎగువనా దిగువనా అన్నది లెక్కలోకి రాదు. మన కాలువల కింద తూము దగ్గర ఉన్నవాడిదే రాజ్యం, చివరి భూములవాళ్లు ఎదురుచూడాలి. గుంటూరు జిల్లాలో చివరి భూమి రైతు కొడుకుగా చెబుతున్నాను, ఆ ఆసామి తిట్టే సూత్రం మా నాన్న వింటే దండం పెడతాడు.

మరమ్మతు సంగతి: రైతులు తమ యంత్రాలు తామే బాగుచేసుకునే హక్కుకు మొదట చట్టం చేసింది మా రాష్ట్రమే. 2023లో చేశారు, 2024 జనవరి 1 నుంచి అమలు. తయారీదార్లు మాన్యువళ్లు, విడిభాగాలు, సాఫ్ట్‌వేరు రైతుకూ బయటి మెకానిక్కుకూ అందుబాటులో ఉంచాలి. పొగ నియంత్రణను పీకేయడానికి మాత్రం అనుమతి లేదు. మీ పెద్దాయనకు ముందే చెప్పండి, లేకపోతే సంబరపడిపోతారు.

వేపచెట్టు (నిజామాబాద్):

ఊళ్లో కూర్చుని చదువుతున్నాను. మా మెకానిక్కు వేపచెట్టు కిందే ఇంజను విప్పుతాడు. కానీ 2023 జనవరి నుంచి 50 హార్స్‌పవర్ దాటిన కొత్త ట్రాక్టర్లకు మన దేశంలోనూ కాలుష్య నిబంధనలు గట్టివయ్యాయి, ఎలక్ట్రానిక్స్ వచ్చేశాయి. అందుకే మా వాళ్లు కొనే ముందు అది 50కి లోపలిదా పైదా అని అడిగి మరీ కొంటున్నారు. అక్కడ కూడా ఇలాంటి గీత ఏమైనా ఉందా?

ఊదారంగు (మిజోరి):

ఉంది. ఇక్కడి గీత 25. దాని కిందివాటికి పొగ వడపోత గొడవ లేదు. నాది 24 చిల్లర. అమ్మేవాడు ఆ చిల్లరను ఎంత ముద్దుగా పలికాడో!

భద్రం (మన్‌హాటన్, కాన్సాస్):

న్యూయార్కు మన్‌హాటన్ కాదు, యూనివర్సిటీ ఉన్న కాన్సాస్ ఊరు. వ్యవసాయ ఇంజనీరింగ్ చదువుతున్నాను. అందరూ మురిసిపోతున్నారు కాబట్టి కాస్త చేదు చెప్పాలి.

ఆ పెద్దాయనల పాత ట్రాక్టర్లలో చాలావాటికి బోల్తా పడితే కాపాడే ఇనుప చట్రం ఉండదు. 1976 అక్టోబరు తర్వాత తయారైన ట్రాక్టరును జీతానికి పెట్టుకున్న మనిషి నడిపితే అది తప్పనిసరి. యజమానే నడుపుకుంటే ఆ నిబంధన అతనికి వర్తించదు. పీటీవో షాఫ్టు, అంటే ఇంజను బలాన్ని వెనక తగిలించిన పనిముట్లకు అందించే కడ్డీ, నిమిషానికి 540 చుట్లు తిరుగుతుంది, అంటే సెకనుకు తొమ్మిది. చొక్కా అంచు చిక్కుకున్నాక చెయ్యి వెనక్కి లాక్కోవాలన్న ఆలోచన వచ్చేలోపే అంతా అయిపోతుంది. శిక్షణ కోసం వెళ్లిన ఒక ఊళ్లో కాఫీ బల్ల దగ్గర చట్టాలను తిడుతున్న ఏడుగురిలో ఇద్దరికి వేళ్లు పూర్తిగా లేవు. సెన్సారు మీద కోపం నాకూ ఉంది. కానీ పీటీవో మీది ప్లాస్టిక్కు తొడుగును "అడ్డం" అంటూ తీసేసేదీ ఈ మనుషులే.

గోధుమచేను (పశ్చిమ కాన్సాస్):

భద్రం గారూ, మీరు రాసింది నిన్న పెద్దాయనకు చదివి వినిపించాను. సగం దాకా గొణుగుతూ విన్నాడు. తర్వాత ఏమీ అనకుండా షెడ్డులోకి తీసుకెళ్లాడు. నాకంటే వయసున్న ట్రాక్టరు. సీటు వెనక ఇనుప చట్రం ఉంది, రంగు కలవలేదు, తర్వాత బిగించినదే. షాఫ్టు మీద తొడుగూ ఉంది. పగిలిన చోట గడ్డిమోపులు కట్టే తీగతో నాలుగు చుట్లు బిగించాడు.

"అయితే చట్టం మాట విన్నారన్నమాట" అన్నాను.

"చట్టమా? మా ఆవిడ" అన్నాడు.

మొక్కజొన్న_అక్క (అయోవా):

ఆవిడ కూడా ఆ కాఫీ బల్ల దగ్గరికి వస్తారా? ఆవిడ అభిప్రాయాలు కూడా రాయండి.

గోధుమచేను (పశ్చిమ కాన్సాస్):

రారండీ. ఆరింటికి ఆవిడ బడి బస్సు నడపడానికి బయల్దేరతారు. దారిలో నేను ఎదురైతే స్టీరింగు మీద నుంచి ఒక్క చూపుడువేలు లేపుతారు, అదే పలకరింపు. అయిదేళ్లలో నాతో మాట్లాడింది రెండుసార్లు. ఒకసారి ఉత్తరాల పెట్టె రోడ్డుకు మరీ దగ్గరగా పాతానని. రెండోసారి, చెప్పాను కదా అని.