డాలస్ కౌబాయ్స్: జెర్రీ జోన్స్‌ను విజయవంతమైన యజమాని అనవచ్చా?

ఫ్రిస్కోవాసి:
అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు డాలస్ కౌబాయ్స్‌ను జెర్రీ జోన్స్ 1989 ఫిబ్రవరిలో సుమారు 14 కోట్ల డాలర్లకు కొన్నారు. ఇవాళ ఫోర్బ్స్ పత్రిక ఆ జట్టుకు 1,000 కోట్ల డాలర్లకు పైగా విలువ కడుతోంది. ప్రపంచంలో మరే క్రీడాజట్టుకూ ఆ పత్రిక అంత విలువ కట్టలేదు. జోన్స్‌కు 2017లో హాల్ ఆఫ్ ఫేమ్ గౌరవం, అంటే ఈ ఆటలోని మహామహుల జాబితాలో చోటు, కూడా దక్కింది. అయితే 1996 జనవరిలో సూపర్ బౌల్, అంటే లీగ్ ఫైనల్, గెలిచిన తరువాత ఈ జట్టు మళ్ళీ ఆ ఫైనల్ మాట అటుంచి, దానికి ముందు జరిగే కాన్ఫరెన్స్ ఫైనల్ దాకా కూడా వెళ్ళలేదు. జట్టు ప్రధాన కార్యాలయం ఉన్న ఫ్రిస్కోలోనూ, ప్లేనో, అర్వింగ్‌లలోనూ ఎన్నో తెలుగు కుటుంబాలు స్థిరపడ్డాయి గనుక ఈ ప్రశ్న మనకు దూరపుది కాదు. ఆయనను విజయవంతమైన యజమాని అనకూడదన్నది నా అభిప్రాయం. యజమాని పని జట్టును గెలిపించడం. ఆస్తి విలువ ఎంత పెరిగినా ఆ లోటును పూడ్చదు.

కృష్ణాతీరం:
ఫ్రిస్కోవాసి గారూ, జోన్స్ కొన్ననాటికి ఆ జట్టు ఏ స్థితిలో ఉందో మీరు లెక్కలోకి తీసుకోలేదు. అది నష్టాల్లో నడుస్తోంది. అంతకు ముందు సీజన్‌లో 16 ఆటల్లో మూడే గెలిచింది. ఆర్కాన్సాకు చెందిన చమురు, సహజవాయువు వ్యాపారి అయిన జోన్స్, కొన్న వెంటనే, 29 ఏళ్ళుగా కోచ్‌గా ఉన్న టామ్ లాండ్రీని తప్పించి, కాలేజీలో తనతో కలిసి ఆడిన జిమ్మీ జాన్సన్‌ను తెచ్చారు. అభిమానులు ఆయనపై దుమ్మెత్తిపోశారు. తొలి సీజన్‌లో గెలిచింది ఒక్క ఆట. ఆ సీజన్ నడుస్తుండగానే జట్టులోని అతిపెద్ద పేరు హెర్షెల్ వాకర్‌ను మిన్నెసోటా వైకింగ్స్‌కు ఇచ్చేశారు. బదులుగా వచ్చిన ఐదుగురు ఆటగాళ్ళలో ఎవరిని వదులుకుంటే వారి స్థానంలో డాలస్‌కు ఒక డ్రాఫ్ట్ అవకాశం, అంటే కాలేజీల నుంచి వచ్చే కొత్త ఆటగాణ్ణి ఎంచుకునే హక్కు, దక్కేలా ఒప్పందం రాసుకున్నారు. మిన్నెసోటా వారు ఆటగాళ్ళను ఇచ్చామనుకున్నారు. డాలస్‌కు మొదటి నుంచీ కావలసినవి ఆ హక్కులే. ఆ ఒప్పందంలో వచ్చిన ఒక హక్కు ఊతంతోనే 1990లో ఎమిట్ స్మిత్‌ను దక్కించుకున్నారు. లీగ్ చరిత్రలో బంతితో అత్యధిక దూరం పరుగెత్తిన రికార్డు ఈనాటికీ ఆయనదే. 1992, 1993, 1995 సీజన్లలో మూడు సూపర్ బౌల్‌లు వచ్చాయి. వెనుకంజ వేసే యజమాని దగ్గర ఇవేవీ జరిగేవి కావు.

లెక్కలపంతులు:
కృష్ణాతీరం గారు చెప్పిన వాస్తవాలతో నాకు పేచీ లేదు. అయితే వాకర్‌ను ఇచ్చేయాలన్న ఆలోచన జాన్సన్‌ది. దానికి అడ్డు చెప్పకుండా ఒప్పుకోవడం జోన్స్ గొప్పతనమే, నిస్సందేహంగా. కానీ వరుసగా రెండు సూపర్ బౌల్‌లు గెలిచాక, ఆ ఘనత ఎవరికి చెందాలన్న దగ్గర ఇద్దరికీ చెడి, 1994 మార్చిలో జాన్సన్ వెళ్ళిపోయారు. మూడవది బ్యారీ స్విట్జర్ కోచ్‌గా గెలిచినా, ఆ జట్టులో ప్రధాన ఆటగాళ్ళు చాలావరకు జాన్సన్ కూర్చినవారే. జట్టుకు పేరు తెచ్చినవారి పేర్లు ఉంచే స్టేడియంలోని గౌరవ వలయంలో జాన్సన్ పేరు చేర్చడానికి 2023 డిసెంబరు దాకా పట్టింది.

అసలు విషయం ఆ తరువాత మొదలవుతుంది. జోన్స్ యజమాని మాత్రమే కాదు, ఆటగాళ్ళ ఎంపిక చూసే జనరల్ మేనేజర్ కూడా ఆయనే. వేరే జట్టులో ఆటగాళ్ళ ఎంపిక ఏళ్ళ తరబడి ఫలించకపోతే యజమాని జనరల్ మేనేజర్‌ను సాగనంపుతాడు. ఇక్కడ సాగనంపవలసినవారూ, వెళ్ళవలసినవారూ ఒక్కరే. స్విట్జర్, గేలీ, క్యాంపో, పార్సెల్స్, ఫిలిప్స్, గారెట్, మెకార్తీ, ఇప్పుడు షాటెన్‌హైమర్. జాన్సన్ తరువాత ఎనిమిదిమంది కోచ్‌లు వచ్చారు. వీరిలో పార్సెల్స్ అంతకుముందే న్యూయార్క్ జెయింట్స్‌కు రెండు సూపర్ బౌల్‌లు గెలిపించినవారు, మెకార్తీ గ్రీన్ బే జట్టుకు ఒకటి గెలిపించినవారు. ఇంతమంది మారినా ఫలితం మారలేదంటే, మారకుండా ఉన్నదేమిటో చూడాలి కదా.

లీగ్ ఆర్థిక ఏర్పాటు కూడా ఈ స్థితికి సాయపడుతుంది. జాతీయ టెలివిజన్ ఆదాయాన్ని 32 జట్లూ సమానంగా పంచుకుంటాయి. ఇంగ్లండ్ ఫుట్‌బాల్‌లో చివరి స్థానాల్లో నిలిచిన జట్టు కింది లీగ్‌కు దిగిపోయి, ఆదాయంలో పెద్ద భాగం పోగొట్టుకుంటుంది. అమెరికాలో ఆ భయం లేదు. ఓడినా ఆస్తి పెరుగుతూనే ఉండే చోట, ఆస్తి విలువను చూపించి పాలన బాగుందని నిరూపించలేం. 2021 నుంచి వరుసగా మూడు సీజన్లలో పన్నెండేసి ఆటలు గెలిచారు, నిజమే. మూడవ ఏడు సొంత మైదానంలో తొలి ప్లేఆఫ్ (నాకౌట్) ఆటలోనే గ్రీన్ బే చేతిలో 48-32తో ఓడారు. పిసినారితనం ఆయనలో లేదు, గెలవాలన్న తపనా తక్కువ కాదు. తన ఎంపికలను తప్పుపట్టగల మనిషిని తన పైన ఉంచుకోకపోవడమే లోపం.

కృష్ణాతీరం:
పంతులు గారూ, ఆ సమానంగా పంచుకునే సొమ్ము అంతగా పెరగడంలో జోన్స్ పాత్ర ఎంతో మరచిపోవద్దు. 1990ల మొదట్లో టీవీ సంస్థలు నష్టపోతున్నామని మొరపెట్టుకున్నప్పుడు తగ్గించి ఇవ్వడానికి పలువురు యజమానులు సిద్ధపడ్డారు. అడ్డుపడినవారిలో జోన్స్ ముందున్నారు. 1993లో ఫాక్స్ సంస్థ నాలుగేళ్ళకు 158 కోట్ల డాలర్లు ఇవ్వజూపి, దశాబ్దాలుగా సీబీఎస్ చేతిలో ఉన్న ప్రసార హక్కులను దక్కించుకుంది. 1995లో పెప్సీ, నైకీలతో జోన్స్ సొంతంగా ఒప్పందాలు చేసుకున్నందుకు లీగ్ 30 కోట్ల డాలర్లకు దావా వేస్తే, ఆయన 75 కోట్లకు ఎదురు దావా వేశారు. మరుసటి ఏడు రాజీ కుదిరింది, ఒప్పందాలు నిలిచాయి. ఆ తరువాత మిగతా యజమానులూ అదే బాట పట్టారు. హాల్ ఆఫ్ ఫేమ్ గౌరవం దీనికే, అది న్యాయం.

ఆర్లింగ్టన్ పౌరుడు:
స్టేడియం గురించి ఎవరూ మాట్లాడలేదు. 2009లో తెరిచిన ఆ కట్టడానికి 100 కోట్ల డాలర్లకు పైగా ఖర్చయితే, అందులో 32.5 కోట్లు మా ఊరు ఆర్లింగ్టన్ ప్రజలు భరించడానికి 2004 నవంబరు ఓటింగ్‌లో అనుమతి దొరికింది. అమ్మకపు పన్ను అర శాతం పెరిగింది; హోటల్ గదులపైనా, అద్దె కార్లపైనా అదనపు పన్ను పడింది. జట్టు విలువ పెరుగుదలను జోన్స్ ఒక్కరి ఖాతాలో వేయకూడదని అందుకే అంటున్నాను.

ఆ స్టేడియం రెండు చివరలా నిలువెత్తు గాజు గోడలు ఉన్నాయి. 2024 నవంబరు 10న ఫిలడెల్ఫియాతో ఆటలో, పడమటి గాజులోంచి పడిన సాయంత్రపు ఎండ కళ్ళలో కొట్టడంతో, టచ్‌డౌన్ (గోల్ లాంటి స్కోరు) కావలసిన బంతిని డాలస్ ఆటగాడు సీడీ ల్యాంబ్ చూడలేకపోయారు. తెరలు దించితే మేలన్నారు ఆయన. రెండు జట్లకూ ఎండ ఒక్కటేనని, సూర్యుడు ఎక్కడుంటాడో అందరికీ తెలుసునని జోన్స్ ఒప్పుకోలేదు. సంగీత కచేరీలకు అక్కడే తెరలు వేస్తారు. ఆట 34-6తో పోయింది. అది తెరల వల్లనే అనను. కానీ ఆటగాడి మాట యజమాని దగ్గర ఎంతవరకు చెల్లుతుందో అక్కడ కనబడింది.

ఫ్రిస్కోవాసి:
మీ అందరి మాటలూ చదివాక నా వాదాన్ని కొంత సవరించుకుంటున్నాను: వ్యాపారిగా, లీగ్ నిర్మాతల్లో ఒకరిగా ఆయనకు సాటి అరుదు. ఇక్కడి శిక్షణ కేంద్రంలోని 12,000 సీట్ల మైదానాన్ని ఫ్రిస్కో పాఠశాలలతో పంచుకోవడం వల్ల మన పిల్లలూ ఆడగలుగుతున్నారు. అదీ ఆయన హయాంలో జరిగిందే. అయినా మైదానంలోని ఫలితంపై నా మాట మార్చుకోను. 2025లో జట్టులోని ముఖ్య ఆటగాడు మైకా పార్సన్స్ జీతం గురించి ఏజెంటును పక్కనపెట్టి ఆటగాడితోనే నేరుగా మాట్లాడి కుదుర్చుకున్నానని జోన్స్ అనుకున్నారు. అది చెడి, ఆగస్టు చివరలో, సీజన్ వారంలో మొదలవుతుందనగా, రెండు మొదటి రౌండ్ డ్రాఫ్ట్ అవకాశాలకూ ఆటగాడు కెన్నీ క్లార్క్‌కూ బదులుగా పార్సన్స్‌ను గ్రీన్ బేకు ఇచ్చేశారు. వేతన చర్చలూ, ఆటగాళ్ళ ఎంపికా కుటుంబం బయటి జనరల్ మేనేజర్‌కు పూర్తిగా అప్పగించి, జోన్స్ యజమానిగా మాత్రమే కొనసాగాలి. ఆయన కుమారుడు స్టీఫెన్ ఏళ్ళుగా ఆ పనుల్లోనే ఉన్నందున, ఇది కుటుంబం తనంతట తాను తీసుకుంటే తప్ప జరగని నిర్ణయం.