డబుల్ మార్కర్‌లో రిస్క్ వచ్చింది, ఎన్‌ఐపీటీ చేయించాలా?

అందరికీ నమస్తే. మాది దేవరకొండ దగ్గర పల్లె. మా చెల్లెలు గర్భవతి, ఇప్పుడు 13వ వారం. బిడ్డ మెడ వెనక నీరు చూసే ఎన్‌టీ స్కాన్ బాగానే ఉంది గానీ, డబుల్ మార్కర్ రక్త పరీక్షలో డౌన్ సిండ్రోమ్ (21వ క్రోమోజోము ఒకటి ఎక్కువుండటం) రిస్క్ 180లో 1 అని వచ్చింది. నల్లగొండ డాక్టరమ్మ ఎన్‌ఐపీటీ చేయించమన్నారు. అందులో తల్లి రక్తంలో కలిసిన మాయ (ప్లాసెంటా) డీఎన్‌ఏ చూసి 21, 18, 13 క్రోమోజోముల్లో తేడా ఉందేమో చెప్తారట, కడుపులోకి సూది గుచ్చరు. అయితే అదీ స్క్రీనింగే, అంటే రిస్క్ ఎంతో చెప్పేదే, తేడా వస్తే ఉమ్మనీటి పరీక్షతోనే ఖాయం చేసుకోవాలన్నారు. అది 15 వారాలు నిండాకే చేస్తారు. ఈలోపు ఎన్‌ఐపీటీ చేయించడం మంచిదా, ఆగి నేరుగా ఉమ్మనీటి పరీక్షకే వెళ్లాలా?

నాకు ఇంకో భయం కూడా ఉంది. చెల్లెలిది మేనరికం, మా మేనమామనే చేసుకుంది. తలసేమియా (రక్తానికి సంబంధించిన జబ్బు) లాంటి వంశపారంపర్య జబ్బులు మామూలు ఎన్‌ఐపీటీలో తెలియవని చదివాను. వాటికోసం ఇద్దరికీ రక్త పరీక్ష చేయించాలా?

అత్తగారంటే మా అమ్మమ్మే, ఇవన్నీ ఎందుకంటోంది. చెల్లెలు టెన్షన్‌తో సరిగ్గా తినడం లేదు. నల్లగొండలో గానీ మహబూబ్‌నగర్‌లో గానీ జెనెటిక్ కౌన్సెలింగ్ దొరుకుతుందా, హైదరాబాద్ నిమ్స్‌కే పోవాలా? చేయించుకున్నవాళ్లు ఖర్చెంతైందో, రిపోర్టు ఎన్నాళ్లకు వచ్చిందో దయచేసి చెప్పండి.