పాటలు సరే, ఐట్యూన్స్‌లో పెట్టుకున్న స్టార్లు కొత్త ల్యాప్‌టాప్‌కి ఎలా తీసుకెళ్లాలి?

శ్రుతిపెట్టె:

అందరికీ నమస్కారం. కొంచెం పొడుగ్గానే రాస్తున్నాను, ఓపిక చేసుకుని చదవండి.

నాది విండోస్ 7 డెస్క్‌టాప్. ఆన్ చేశాక తెర మీద ఏదైనా కనిపించేలోపు ఒక వర్ణం రెండు కాలాల్లో పాడేసుకోవచ్చు. దానికి అలవాటు పడిపోయాను కానీ, పోయిన వారం నుంచి హార్డ్ డిస్క్ దగ్గర టిక్కు టిక్కుమని చప్పుడు మొదలైంది. కొత్త ల్యాప్‌టాప్ తెచ్చుకున్నాను. విండోస్ 11, 512 జీబీ ఎస్ఎస్‌డీ.

పాత దాంట్లో డీ డ్రైవ్‌లో "పాటలు" అని ఒక ఫోల్డర్ ఉంది, 84 జీబీ. అందులో 6,400 దాకా మామూలు ఎంపీత్రీలు. అవి పోయినా ఏడవను, మళ్లీ ఎక్కడో దొరుకుతాయి. అసలు బెంగ మిగతా వాటి మీద. నేను సంగీతం నేర్చుకునే రోజుల్లో మా టీచర్‌గారు పాడి ఇచ్చిన పాఠాలు 64 కేసెట్లు ఉన్నాయి. రెండేళ్లు కూర్చుని ఒక్కో సైడూ ఆడాసిటీ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌తో కంప్యూటర్‌లోకి ఎక్కించాను. ఇంకో 23 సైడ్లు శుభ్రం చేయడం సగంలో ఆగింది, అవి ప్రాజెక్టులుగానే ఉన్నాయి.

ఈ పాఠాలన్నీ ఐట్యూన్స్‌లో, అంటే ఆపిల్ వాళ్ల పాటల సాఫ్ట్‌వేర్‌లో పెట్టి స్టార్లు ఇచ్చుకున్నాను. బాగుందా లేదా అని కాదు. ఒక స్టార్ అంటే ఇంకా ముట్టుకోలేదు, మూడంటే పల్లవి అనుపల్లవి వచ్చాయి, అయిదంటే పుస్తకం చూడకుండా పాడగలను. అంటే అది నా సాధన లెక్క. ఇంకెక్కడా రాసుకోలేదు, తెలివితక్కువతనమే.

ఇప్పటికి నేను చేసిన నిర్వాకం: ఎంపీత్రీలన్నీ ఒకటే జిప్ చేశాను. 22 జీబీ ఉన్నది 21న్నర అయింది. పెన్ డ్రైవ్‌లో 29 జీబీ ఖాళీ ఉన్నా "ఫైల్ చాలా పెద్దది" అని తిప్పికొట్టింది. ఖాళీ ఉండగా పెద్దదవడం ఏమిటో!

ఇంకొకటి. నా లెక్కకు ఆరున్నర వేలకు మించి ఫైళ్లు ఉండకూడదు. ప్రాపర్టీస్‌లో చూస్తే 20 వేలు దాటి చూపిస్తోంది. వెతికితే ఏదో ఏయూ రకం చిన్న చిన్న ఫైళ్లు, వేలకు వేలు. ఒకటి ప్లే చేస్తే ఆరు సెకన్లు మోగి ఆగిపోయింది. చెత్తేమో, తీసేస్తే బరువు తగ్గుతుందా?

నీలిమేఘం22:

ఇంత కష్టం ఎందుకండీ, క్లౌడ్‌లో పెట్టేసి అటు వైపు దించుకోండి. పని అయిపోయింది.

శ్రుతిపెట్టె:

ఆ ఆలోచనా వచ్చింది. మా అప్‌లోడ్ స్పీడు 5 ఎంబీపీఎస్. 84 జీబీ ఎక్కాలంటే ఎక్కడా ఆగకుండా 37 గంటలు. ఆ టిక్కు టిక్కు డిస్కు అన్ని గంటలు తిరుగుతుందని నాకు నమ్మకం లేదు.

పాతడిస్కు:

ముందు ఒక్క మాట. ఆ ఏయూ ఫైళ్ల మీద చెయ్యి వేయకండి!

అవే మీ 23 ప్రాజెక్టులు. పాత ఆడాసిటీ, అంటే 2021లో 3.0 రాకముందు వరకు, ప్రాజెక్టును రెండు ముక్కలుగా దాచేది. ఏయూపీ అనే చిన్న ఫైల్ ఒకటి, దాని పక్కనే అదే పేరుతో చివర "డేటా" అని ఉండే ఫోల్డర్ ఒకటి. మీ గొంతో, టీచర్‌గారి గొంతో ఉండేది ఆ ఫోల్డర్‌లోనే, ఆరేసి సెకన్ల ముక్కలుగా. ఏయూపీలో ఉండేది ఏ ముక్క తర్వాత ఏ ముక్క అన్న వరస మాత్రమే. అరగంట సైడు, ఎడమ కుడి రెండు చానెళ్లు అంటే 600 ముక్కల పైచిలుకు. 23 సైడ్లకు లెక్క వేసుకోండి, 14 వేలు తేలుతుంది. మీ మిస్టరీ అదే.

ఇది నాకెలా తెలుసంటే, నేను ఏయూపీ ఫైళ్లు మాత్రం జాగ్రత్తగా కాపీ చేసుకుని, పాత డిస్క్ ఫార్మాట్ కొట్టేసిన మనిషిని. కొత్త దాంట్లో తెరిస్తే ప్రాజెక్ట్ పొడవు సరిగ్గానే చూపించింది, లోపల అంతా నిశ్శబ్దం. అందుకని రెంటినీ పక్కపక్కనే, పేర్లు మార్చకుండా, ఉన్నవి ఉన్నట్టు తీసుకెళ్లండి. కొత్త ఆడాసిటీ వాటిని తెరిచి ఒకే ఫైల్‌గా మార్చుకుంటుంది.

పెన్ డ్రైవ్ గొడవ ఫ్యాట్32 వల్ల. ఆ ఫార్మాట్‌లో ఒక్కో ఫైల్ 4 జీబీ దాటకూడదు, ఎంత ఖాళీ ఉన్నా సరే. అయినా ఎంపీత్రీలను జిప్ చేసి లాభం లేదు, అవి ముందే కుదించి ఉన్నవి. ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ ఒకటి ఎవరి దగ్గరైనా తీసుకోండి. దాని ఫార్మాట్ ఎన్‌టీఎఫ్ఎస్ అయినా ఎక్స్‌ఫ్యాట్ అయినా పర్లేదు.

టిక్కుమంటున్న డిస్క్ కాబట్టి వరస ముఖ్యం. ముందు పాఠాలు, ప్రాజెక్టులు, ఐట్యూన్స్ ఫోల్డర్. ఎంపీత్రీలు ఆఖరికి. మధ్యలో డిస్క్ ప్రాణం పోతే పోయేవి అవే కావాలి. ఇంకో మాట, కట్ పేస్ట్ వద్దు, కాపీ మాత్రమే. కట్ చేస్తుండగా మధ్యలో ఆగితే సగం ఇక్కడ సగం అక్కడ అయి, ఏది ఎక్కడుందో వెతుక్కోవడం నరకం.

నేనైతే మౌస్‌తో లాగను, రోబోకాపీ వాడతాను. విండోస్‌లోనే ఉంటుంది, కమాండ్ ప్రాంప్ట్‌లో నడుస్తుంది. మధ్యలో ఆగిపోయినా మళ్లీ అదే కమాండ్ ఇస్తే మిగిలినవే కాపీ చేస్తుంది. స్లాష్ ఈ పెడితే లోపలి ఫోల్డర్లన్నీ వస్తాయి. స్లాష్ ఆర్ కోలన్ 1, స్లాష్ డబ్ల్యూ కోలన్ 1 తప్పకుండా పెట్టండి. పెట్టకపోతే చదవలేని ఫైల్ తగిలినప్పుడు 30 సెకన్లకోసారి, పది లక్షల సార్లు ప్రయత్నిస్తూ కూర్చుంటుంది. నేను జోక్ చేయట్లేదు, దాని మామూలు సెట్టింగ్ అదే. ఎవరైనా స్లాష్ మిర్ పెట్టమంటే వినకండి, అది అవతలి వైపు అదనంగా ఉన్నవి తుడిచేస్తుంది.

స్టార్ల సంగతి నాకు తెలీదు, నేను ఐట్యూన్స్ వాడను.

ప్లేలిస్ట్‌మనిషి:

స్టార్ల సంగతి నేను చెప్తాను. అవి పాట ఫైల్‌లో ఉండవు. ఎన్నిసార్లు విన్నారు, ఎప్పుడు చేర్చారు, ప్లేలిస్టులు, స్టార్లు అన్నీ ఐట్యూన్స్ లైబ్రరీ డాట్ ఐటీఎల్ అనే ఒక్క ఫైల్‌లో ఉంటాయి. అది మీ పాటల ఫోల్డర్‌లో కాదు, సీ డ్రైవ్‌లో మీ మ్యూజిక్ ఫోల్డర్ లోపల ఐట్యూన్స్ అనే ఫోల్డర్‌లో ఉంటుంది. కొత్త దాంట్లో ఐట్యూన్స్ వేసి పాటలు మళ్లీ యాడ్ చేశారనుకోండి, పాటలు వస్తాయి, స్టార్లు సున్నా.

చిక్కేమిటంటే ఐటీఎల్ ప్రతి పాట అడ్రస్ మొత్తం గుర్తుపెట్టుకుంటుంది. డీ డ్రైవ్, పాటలు ఫోల్డర్, ఫలానా ఫైల్ అని. మీ కొత్త ల్యాప్‌టాప్‌లో సీ ఒక్కటే ఉండి ఉంటుంది. పాటలు అక్కడ పెడితే, ఫైల్ దొరకలేదని ప్రతి దాని పక్కనా ఆశ్చర్యార్థకం వస్తుంది.

కన్సాలిడేట్ ఫైల్స్ అని ఒక పద్ధతి ఉంది, చాలామంది అదే చెప్తారు. కానీ అది పాటలన్నిటికీ ఇంకో కాపీ తయారు చేస్తుంది. చావుబతుకుల్లో ఉన్న డిస్క్ మీద అంత రాత పని పెట్టడం నాకిష్టం లేదు. దానికన్నా కొత్త ల్యాప్‌టాప్‌లోనే డీ డ్రైవ్ తయారు చేసుకోండి. డిస్క్ మేనేజ్‌మెంట్‌లో సీ మీద రైట్ క్లిక్ చేసి ష్రింక్ వాల్యూమ్. ఖాళీ అయిన చోట కొత్త వాల్యూమ్, దానికి డీ అక్షరం. పాత ఫోల్డర్ పేర్లే అక్షరం తేడా లేకుండా పెట్టండి. తర్వాత రెండు వైపులా ఐట్యూన్స్ మూసేసి ఆ ఐట్యూన్స్ ఫోల్డర్‌ను కొత్త మ్యూజిక్ ఫోల్డర్‌లోకి కాపీ చేసి, షిఫ్ట్ నొక్కి పట్టుకుని ఐట్యూన్స్ తెరవండి. చూజ్ లైబ్రరీ అంటుంది, ఆ ఐటీఎల్ చూపించండి. కొత్త వెర్షన్ దాన్ని తన పద్ధతికి మార్చుకుంటుంది, కాబట్టి ముందే ఒక కాపీ పక్కన దాచండి.

ఆపిల్ మ్యూజిక్ యాప్ మాత్రం ప్రస్తుతానికి వేయకండి. అది ఉంటే ఐట్యూన్స్‌లో పాడ్‌కాస్టులు, ఆడియోబుక్కులు తప్ప పాటలు కనిపించవు.

శ్రుతిపెట్టె:

మూడు రోజుల తర్వాత వస్తున్నాను, క్షమించండి.

ముందు చేసిన తప్పు చెప్తాను. డీ తయారు చేయకముందే ఎక్స్‌టర్నల్ డిస్క్ గుచ్చాను. అదే డీ అయి కూర్చుంది! దానికి ఎక్స్ అక్షరం ఇచ్చి, డీ అక్షరం ఖాళీ చేసుకుని, అప్పుడు ష్రింక్ చేశాను. ఈ ఒక్క పనికి సాయంత్రం గడిచిపోయింది.

రోబోకాపీ నడుస్తుంటే నల్ల తెర మీద పేర్లు జారిపోతూ ఉంటే చూడటానికి బాగుంది. "కేసెట్ 17 సైడ్ ఏ", "కేసెట్ 17 సైడ్ బీ"... పాఠాలు త్వరగానే అయ్యాయి. ఆ ఆరు సెకన్ల ముక్కల దగ్గర మాత్రం నత్తనడక. అక్కడ డిస్క్ చప్పుడు కూడా ఎక్కువైంది, టెన్షన్‌తో లేచి పక్కగదిలోకి వెళ్లిపోయాను. చివర్లో ఫెయిల్డ్ అన్న చోట 1 అని చూపించింది.

షిఫ్ట్ నొక్కి ఐట్యూన్స్ తెరిచాను. ఆశ్చర్యార్థకాలు లేవు. కేసెట్ 9లో మూడో పాఠానికి నాలుగు స్టార్లు, నిరుడు మార్చింది, అలాగే ఉంది. ప్రాజెక్టులు కూడా రెండు మూడు తెరిచి చూశాను, మోగుతున్నాయి.

ఒక అనుమానం. ఫైళ్ల సంఖ్య, పోయిన ఆ ఒక్కటీ పక్కన పెడితే, రెండు వైపులా సరిపోయింది. కానీ ఎక్స్‌టర్నల్‌లో సైజ్ ఆన్ డిస్క్ అని చాలా ఎక్కువ చూపిస్తోంది. ఏమైనా రెండుసార్లు పడ్డాయా?

పాతడిస్కు:

లేదండీ. మీరు చూడాల్సింది సైజ్ అన్న లైను, సైజ్ ఆన్ డిస్క్ కాదు. ఎక్స్‌ఫ్యాట్‌లో గళ్లు పెద్దవి, చిన్న ఫైల్ అయినా గడి మొత్తం దానిదే అని లెక్కేస్తుంది. బైట్లలో సైజు ఆ ఫెయిలైన ఫైలంత మాత్రమే తక్కువ ఉంటే అంతా వచ్చినట్టే. పాత డిస్క్‌ను మాత్రం ఇప్పుడే ఫార్మాట్ చేయకండి. ఎక్స్‌టర్నల్‌లోది కూడా తుడవద్దు. కొన్నాళ్లు కొత్త దాంట్లోనే అన్నీ వింటూ ఉండండి, ఏదైనా తక్కువైతే అప్పుడు తెలుస్తుంది. ఆ ఫెయిలైన ఫైల్ ఏది?

శ్రుతిపెట్టె:

కేసెట్ 41 సైడ్ బీ. సైక్లిక్ రిడండెన్సీ చెక్ అని ఏదో వచ్చింది. మళ్లీ కమాండ్ ఇచ్చి చూశాను, అదే మాట. ఎక్స్‌టర్నల్, పాత డిస్క్ రెండూ బీరువాలో పెట్టేశాను.

కేసెట్ ఉంది కాబట్టి మళ్లీ ఎక్కించుకోవచ్చు. నిన్న టేప్ రికార్డర్ దించి దుమ్ము తుడిచి ప్లే నొక్కితే టీచర్‌గారి గొంతు అరశ్రుతి కిందకి దిగి, సాగుతూ వచ్చింది. బెల్టు సాగిపోయినట్టుంది. దాని గురించి వేరే ప్రశ్న పెడతాను.