చౌమహల్లా లాంటి గచ్చుపని: పాత ఇంటికి సిమెంటుతో మరమ్మతు చేయొచ్చా?

షాలిబండ_దేవిడి:
మా పాత ఇంటి హాల్లో కమానుల మీద గచ్చుతో (సున్నపు పూతతో) చేసిన తీగలు, పూలు ఉన్నాయి. హైదరాబాద్ నిజాముల చౌమహల్లా ప్యాలెస్‌లో ఖిల్వత్ దర్బారు హాల్లో కనిపించే పని లాంటిదే. గోడల కింద మూడడుగుల మేర పెచ్చులూడి తెల్లగా ఉప్పు పొంగుతోంది. సిమెంటు పూసి, పైన పీవోపీ (ప్లాస్టర్ ఆఫ్ ప్యారిస్) పూలు అతికిద్దామని మేస్త్రి అంటున్నాడు. ఒప్పుకోవచ్చా?

గానుగసున్నం:
ఒప్పుకోకండి. సున్నపు గోడ తడి పీల్చుకుంటుంది, మళ్లీ వదిలేస్తుంది. పైన సిమెంటు పడితే ఆ తడికి బయటికి దారి ఉండదు. అది ఇంకా పైకి ఎక్కి, సిమెంటు ఆగిన చోట ఉప్పు పొంగుతుంది. ఈరోజు మూడడుగుల్లో ఉన్న జబ్బు తర్వాత మీ పూల దాకా చేరుతుంది. పైగా సిమెంటు గట్టిది, పాత గచ్చు మెత్తనిది. ఊడేటప్పుడు సిమెంటు ఒక్కటే రాదు, లోపలి పాత పొరనూ, ఇటుక ముఖాన్నీ లాక్కుని వస్తుంది. పీవోపీ సంగతీ అంతే, తడి తగిలే చోట నిలవదు. ప్లాస్టిక్ ఎమల్షన్ రంగులు కూడా వద్దు, సున్నం వెల్ల వేయండి.

అసలు ముందు చూడాల్సింది నీళ్లు ఎక్కడినుంచి వస్తున్నాయో. మిద్దె మీది వాన గొట్టం, గోడ పక్కన మోరీ, గోడకు ఆనించి ఎత్తు పెంచిన సిమెంటు వాకిలి: ఈ మూడూ చూసి సరిచేశాకే గచ్చు ముట్టుకోండి. ఉప్పును పొడిగా బ్రష్షుతో దులపండి. కడిగితే కరిగి మళ్లీ గోడలోకే పోతుంది.

ఖిల్వత్_గల్లీ:
పోలిక పెట్టారు కాబట్టి ఒక మాట. చౌమహల్లా ఒకేసారి కట్టింది కాదు. 1750లో సలాబత్ జంగ్ మొదలుపెట్టాడు. 1857-69 మధ్య పాలించిన నిజాం అఫ్జలుద్దౌలా కాలంలో పూర్తయింది. దక్షిణ ఆవరణలో అఫ్జల్, మహతాబ్, తహ్నియత్, అఫ్తాబ్ మహళ్లున్నాయి. అక్కడ ఐరోపా పద్ధతి స్తంభాలు కనిపిస్తాయి. ఉత్తరాన బారా ఇమాం అనే గదుల వరుస వైపు కమానులు, గుమ్మటాలు మొఘలు బాణీ. మీ కమానులు ఏ బాణీవో పోల్చాలంటే రెండు ఆవరణలూ చూడండి, ఒక్క దర్బారు హాలు చూసి తేల్చొద్దు. 2005 నుంచి జనానికి తెరిచే ఉంది, శుక్రవారం మాత్రం సెలవు. ఫోటోలు తీసేటప్పుడు షాండ్లియర్లు వదిలేసి కమాను అంచు, స్తంభం తల దగ్గరగా తీయండి. మేస్త్రికి చూపించడానికి పనికొస్తాయి.

షాలిబండ_దేవిడి:
ధన్యవాదాలండీ. సున్నం ఎలా తయారుచేయాలి? బెల్లం, కరక్కాయ, గుడ్లు ఎంతెంత?

గానుగసున్నం:
ముందు పాత గచ్చు ముక్క ఒకటి ఎండబెట్టి, తూచి, పలుచని ఆమ్లంలో వేయండి. సున్నం కరిగిపోయి ఇసుక మిగులుతుంది. దాన్ని ఎండబెట్టి తూస్తే పాత పాళ్లు తెలుస్తాయి. పైపూతలో పాలరాతి పొడి ఉంటే అదీ కరుగుతుంది, కాబట్టి ముక్క లోపలి పొర నుంచే తీసుకోండి.

సంచీల్లో వచ్చే పొడిసున్నం గాలి తగిలి సగం చచ్చి ఉంటుంది. రాళ్ల సున్నమే కొనండి. తొట్టిలో ముందు నీళ్లు పోసి, అందులో రాళ్లు కొద్దికొద్దిగా వేయాలి. రాళ్ల మీద నీళ్లు పోస్తే చిమ్ముతుంది, కళ్లు పోతాయి. అద్దాలు, చేతి తొడుగులు తప్పనిసరి. వడగట్టి, పైన నాలుగు వేళ్ల నీళ్లు నిలిచేలా కనీసం నెల రోజులు నాననివ్వండి. సరిగా నానని గడ్డలు గోడ మీదికెక్కాక ఉబ్బి, చిన్న చిన్న గుంటలుగా పేలుతాయి.

పాత పాళ్లు దొరక్కపోతే కింది పొరకు ఒక వంతు సున్నం ముద్ద, మూడు వంతులు బాగా కడిగిన ఇసుక. గానుగలో నూరిస్తే మంచిది, లేదంటే రోకళ్లతో దంచాలి. పొర మందం 10-12 మిల్లీమీటర్లు దాటొద్దు. నునుపు పూత 2-3 మిల్లీమీటర్లు చాలు, అందులో ఇసుకకు బదులు పాలరాతి పొడి. కరక్కాయలు దంచి నానబెట్టి, వడకట్టిన నీళ్లు వాడాలి. బెల్లం సున్నం బరువులో నూటికి 2-3 పాళ్లు. ఎక్కువైతే గచ్చు గట్టిపడదు, చీమలు పడతాయి.

మోయిన్_ఉస్తాద్:
గుడ్ల గురించి జనం ఊరికే పెద్దది చేస్తారు. తెల్లసొన నునుపు పూతలో మెరుపు కోసం, అంతే. కింది పొరలో పోస్తే డబ్బు దండగ.

పూలు గోడ మీదే చేత్తో చేయాలి. పైకి లేచిన ఆకులకు లోపల మేకులు పెడతారు. పాత ఇనుప మేకులు తుప్పుపట్టి ఉబ్బడం వల్లే సగం పూలు రాలేది. వాటిని తీసి రాగి లేదా స్టెయిన్‌లెస్ స్టీలు తీగ పెట్టించండి. బోలుగా మోగే భాగాన్ని వెంటనే కొట్టేయొద్దు. సన్నటి రంధ్రం చేసి, లోపల తడిపి, పలుచని సున్నం పాలు సిరంజితో ఎక్కిస్తే చాలావరకు పట్టుకుంటుంది.

ఏప్రిల్, మేలో పని పెట్టుకోకండి. హైదరాబాద్ ఎండకు పైన ఆరిపోయి లోపల పచ్చిగా ఉండి జాలీలాగా పగుళ్లొస్తాయి. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా బాగుంటుంది. తడి గోనె సంచులు కప్పి కనీసం రెండు వారాలు తేమ పోకుండా చూడాలి. వేసిన పొర గోరుతో గీస్తే చార మాత్రమే పడేంత గట్టిపడ్డాకే పై పొర.

మేస్త్రిని ముందు ఒక మూల చదరపు అడుగు చేయమనండి. నెల తర్వాత తట్టి చూసి, పగుళ్లు లేకపోతేనే హాలు అప్పగించండి.