ఛాతీ ఉంది, బైసెప్ ఉంది, మిర్చి టిక్కీ మాత్రం లేవట్లేదు

ప్రశ్న: గుంటూరు ఐరన్

అన్నలందరికీ నమస్తే. మాది గుంటూరు. మిర్చి యార్డులో మాకు కమీషన్ కొట్టు ఉంది. ఇంటర్ చదివేటప్పుడు జిమ్‌లో చేరాను, ముప్పై దగ్గర పడుతున్నా మానలేదు. సోమవారం ఛాతీ, మంగళవారం వీపు, అలా ఆరు రోజులు. ఆదివారం బిర్యానీ. జిల్లా పోటీల్లో స్టేజ్ ఎక్కాను. ఇప్పుడు 86 కిలోలున్నాను, బెంచ్ మీద పడుకుని 120 కిలోలు ఎత్తుతాను. గొప్ప చెప్పుకోవడానికి కాదు, సంగతి అర్థం కావాలని చెబుతున్నా.

మొన్న సీజన్ మాంచి ఊపు మీద ఉండగా మూటలు మోసే ముఠావాళ్లలో ఇద్దరు రాలేదు. లోడింగ్‌కి లారీ వచ్చి నిలబడింది. "అన్ని కోడిగుడ్లు తిన్నావు గదరా, ఓ చెయ్యి వెయ్యి" అన్నాడు నాన్న. టిక్కీ అంటే మిర్చి నింపిన గోతం, నలభై, నలభై ఐదు కిలోలు. జిమ్‌లో ఆ బరువు నాకు వార్మప్‌ కిందే లెక్క. తీరా వంగి ఎత్తబోతే ఎక్కడా పట్టు చిక్కదు. ఇటు నొక్కితే కాయలు అటు జరుగుతాయి, గోతం పొట్ట మీంచి కిందికి జారిపోతుంది. ఎలాగో భుజానికెత్తి లారీకి వేసిన చెక్క ఎక్కాను. కాసేపటికే ముంజేతులు బిగుసుకుపోయాయి, ఊపిరి అందలేదు. దానికి తోడు ఆ ఘాటుకి తుమ్ములు. మా ముఠా బాబాయ్ ఒకాయన ఉన్నాడు, మనిషి నా సగం ఉంటాడు, వయసు నాకు రెట్టింపు. కబుర్లు చెబుతూనే నా పక్కనుంచి ఎక్కి దిగుతున్నాడు. "నీది పెళ్లిచూపుల కండ అబ్బాయ్" అన్నాడు. కొట్లో ఉన్నవాళ్లంతా ఒకటే నవ్వు.

అప్పటినుంచి ట్రైనింగ్ పద్ధతి మారుద్దామని ఉంది, భయంగానూ ఉంది. పరుగు పెడితే కండ కరిగిపోతుందంటారు జిమ్‌లో. సైజు పోకుండా పని చేసే బలం, దమ్ము రెండూ వచ్చే దారి ఏదైనా ఉందా? చేసి చూసినవాళ్లు చెప్పండి. "యోగా చెయ్యి" అని మాత్రం చెప్పకండి, ప్లీజ్. అది మా అమ్మ రోజూ చెబుతూనే ఉంది.

జవాబు: బెజవాడ పీఈటీ

తమ్ముడూ, నేను ప్రభుత్వ హైస్కూల్లో వ్యాయామం మాస్టార్ని. పొద్దున పిల్లలతో కబడ్డీ, సాయంత్రం నీలాంటి జిమ్ కుర్రాళ్లతో వాదన. కాబట్టి ఈ జవాబు పొడుగ్గానే ఉంటుంది.

ముందు నీ బలాన్ని నువ్వు తక్కువ చేసుకోకు. 120 బెంచ్ ఊరికే రాదు. కాకపోతే నీ బలమంతా బల్ల మీద పడుకుని, బార్ ఒకే దారిలో పైకీ కిందికీ కదిలేచోట తయారైంది. మెషీన్ల మీదైతే ఆ దారి కూడా నీది కాదు, పట్టాలు వేసి పెట్టి ఉంటాయి. గోతానికి పిడి లేదు, దాని బరువు ఒకచోట నిలవదు. దాన్ని ఎత్తాలంటే వేళ్లు, ముంజేయి, నడుము చుట్టూ ఉన్న కండ, పిరుదులు, పాదం అన్నీ ఒకేసారి పనిలోకి దిగాలి. అలా కలిసి దిగమని చెప్పేది నరాలు. వాటికి నువ్వు ఆ పాఠం ఎప్పుడూ చెప్పలేదు. మీ బాబాయ్ ముప్పై ఏళ్లుగా అదే పాఠం చెబుతున్నాడు, అంతే తేడా. ఇక ఆయాసం మాటకొస్తే, సెట్‌కీ సెట్‌కీ మధ్య ఫోన్ చూసుకునే అలవాటున్న గుండెని ఒక్కసారిగా లారీ ఎక్కించావు. దాన్ని తిట్టకు.

నేను చెప్పేది ఒకటే. పన్నెండు వారాలు ఒంటిని భాగాలుగా చూడటం మానేసి, చేసిన పనిని చూడు. నోట్‌బుక్‌లో "ఛాతీ పంప్ అదిరింది" లాంటివి రాయకు. ఎన్ని కిలోలు నేల మీంచి లేచాయి, ఎన్ని అడుగులు మోశావు, ఎంతసేపు ఆగకుండా కదిలావు, ఇవి రాయి. బట్టలు విప్పి అద్దం ముందు నిలబడటం ఆ మూడు నెలలూ బంద్.

వారంలో రెండు రోజులు బరువు రోజులు. బార్ భుజాల మీద పెట్టుకుని కూర్చుని లేచే స్క్వాట్, నేల మీంచి బార్ ఎత్తే డెడ్‌లిఫ్ట్, నిలబడి తలపైకి ఎత్తే ప్రెస్, ఒంగి లాగే రోయింగ్. ఒక్కోటీ నాలుగైదు సెట్లు, సెట్‌కి మూడు నుంచి ఐదు సార్లు. ఇంకో రెండు సార్లు ఎత్తగలననిపించగానే ఆపెయ్యాలి. ఇక్కడే మీవాళ్లకి కష్టం. చెయ్యి వణికి బార్ మీద పడేదాకా వెళ్తే తప్ప చేసినట్టుండదు మీకు. మధ్యలో మూడు నిమిషాలు రెస్ట్ తీసుకో, నామోషీ ఏం లేదు.

ఒక రోజు మోత. ఇసుక కలిపిన గోతం ఒకటి కట్టుకుని నేల మీంచి ఒళ్లోకి, ఒళ్లోంచి భుజం మీదకి ఎత్తు. నలభై అడుగులు నడిచి దించు. మళ్లీ రెండో భుజం. రెండు చేతుల్లో రెండు డంబెల్స్ పట్టుకుని నడిచినా మంచిదే, పట్టు తెలియకుండానే పెరుగుతుంది.

రెండు రోజులు నెమ్మది పరుగు. నెమ్మది అంటే పక్కవాడితో పూర్తి వాక్యాలు మాట్లాడగలిగేంత నెమ్మది. మాట తెగుతోందంటే నడకలోకి దిగు. నలభై నిమిషాలు చాలు. మీకు బీఆర్ స్టేడియం ఉంది, బృందావన్ గార్డెన్స్‌లో ఎన్టీఆర్ స్టేడియం ఉంది, వంకలు చెప్పకు. నేనైతే తెల్లారకముందే ప్రకాశం బ్యారేజీ మీద సీతానగరం వైపు వెళ్లి వస్తాను. పోనూ రానూ రెండున్నర కిలోమీటర్లకి కాస్త తక్కువ. బండ్ల రద్దీ మొదలయ్యేలోపు ఇల్లు చేరతాను.

శనివారం నీ ఇష్టం. బైసెప్ కొట్టకపోతే నీకు అన్నం సయించదని నాకు తెలుసు. కొట్టుకో.

సైజు భయం గురించి. మొదటి రెండు మూడు వారాలు షర్టు వదులైనట్టు ఉంటుంది. అది కండ పోవడం కాదు. కండలో నిల్వ ఉండే పిండిపదార్థం, అదే గ్లైకోజన్, ఒక్కో గ్రాము తనతో పాటు మూడు గ్రాముల దాకా నీళ్లు పట్టి ఉంచుతుంది. కండ ఉబ్బేలా కొట్టే పంపింగ్ తగ్గి, పరుగు పెరిగి, తిండి మునుపటంతే ఉంటే ఆ నిల్వ తగ్గుతుంది, దాంతో పాటు నిండుదనం కూడా. అన్నం కాస్త ఎక్కువ తింటే తిరిగొస్తుంది. ఉన్న కండని నిలుపుకోవడానికి దాన్ని పెంచినప్పటంత చాకిరీ అక్కర్లేదు. బరువు మాత్రం తగ్గించకుండా ఎత్తుతుంటే సెట్లు బాగా తగ్గినా నిలుస్తుంది.

ఇదేదో కొత్త ఫ్యాషన్ అనుకోకు. బెజవాడలో ఇండోర్ స్టేడియానికి పేరు పెట్టుకున్నాం చూడు, దండమూడి రాజగోపాలరావు గారు, ఆయన 1951లో ఢిల్లీలో జరిగిన మొదటి ఆసియా క్రీడల్లో వెయిట్‌లిఫ్టింగ్‌లో కాంస్యం తెచ్చారు. సినిమాల్లో భీముడి వేషానికి పిలిచేంత విగ్రహం కూడా ఉంది ఆయనకి. ఆ రోజుల్లో పోటీలో స్నాచ్, క్లీన్ అండ్ జెర్క్‌తో పాటు ప్రెస్ కూడా ఉండేది. 1972 తర్వాత తీసేశారు. అప్పటివాళ్ల బలం లెక్క నిలబడి తల మీదకి ఎంత ఎత్తావన్నది. మనం పడుకుని లెక్కపెట్టడం మొదలుపెట్టాం. తాలింఖానాల్లో, అంటే పాతకాలం వ్యాయామశాలల్లో, దండీలు, బస్కీలు తీసి గద తిప్పినవాళ్లకి ఛాతీ రోజు, కాళ్ల రోజు అని వేరే లేవు. ఇప్పుడు అదే గదకి రబ్బరు తొడిగి వేలకి వేలు పెట్టి అమ్ముతున్నారు, అది వేరే కథ.

జవాబు: స్టేజ్ మీదే తేల్చుకుందాం

మాస్టారూ, మీరంటే గౌరవమే, కానీ ఈ "పెళ్లిచూపుల కండ" మాట నాకు నచ్చలేదు. బాడీబిల్డింగ్ కూడా ఆటే. అందులో గెలుపు చూపుకే. క్రికెటర్‌ని పట్టుకుని ఈత రాదేంటని ఎవరూ అడగరు కదా. టిక్కీలు మోయడం నా ఆట కాదు.

తమ్ముడూ, పోటీకి నాలుగు నెలల లోపు టైమ్ ఉంటే ఇవేవీ ముట్టుకోకు. తిండి తగ్గించే రోజుల్లో కొత్త పని నేర్చుకోవడం అంటే గాయం కొని తెచ్చుకోవడమే. ఫ్రాంకో కొలంబు సంగతి తెలుసా? 1976లో బాడీబిల్డింగ్‌లో పెద్ద టైటిల్ మిస్టర్ ఒలింపియా గెలిచినవాడు. మరుసటి ఏడాది వరల్డ్స్ స్ట్రాంగెస్ట్ మ్యాన్ మొదటిసారి పెడితే వెళ్లాడు. ఫ్రిజ్ వీపున కట్టుకుని పరిగెత్తే పోటీలో మోకాలు తప్పింది. ఆ కాలు వంకరపోయిన వీడియో చూస్తే ఇప్పటికీ నాకు కడుపులో తిప్పుతుంది.

జవాబు: బెజవాడ పీఈటీ

ఆట అన్నది ఒప్పుకుంటా. పోటీ ముందర వద్దన్నదీ నూటికి నూరుపాళ్లు నిజం, నా జవాబులో అది ఉండాల్సింది. కానీ పోటీ ఏడాదికి ఒకటో రెండో. మిగతా నెలలు ఏం చేస్తున్నట్టు? అదే ఛాతీ, అదే వీపు, అవే కిలోలు. రెండేళ్లుగా నీ బెంచ్ ఎంత పెరిగిందో గుండె మీద చెయ్యేసుకుని చెప్పు. పెరగకపోతే మార్చి చూడటానికి అదే టైమ్.

కొలంబు విషయంలో సగమే చెప్పావు. పోటీలకు అతని ఒంటి బరువు 85 కిలోల లోపే ఉండేది, డెడ్‌లిఫ్ట్ 300 కిలోలు దాటించాడు. ముందు బాక్సింగ్, ఆపైన పవర్‌లిఫ్టింగ్. జనం చప్పట్లు కొట్టిన ఆ వీపు డెడ్‌లిఫ్ట్‌లోంచే వచ్చింది. మోకాలు పోయిన తర్వాత 1981లో మళ్లీ ఒలింపియా గెలిచాడు. అయినా ఫ్రిజ్ కట్టుకుని పరిగెత్తమని నేనూ చెప్పను, ఎవరికీ.

జవాబు: ఫిజియో, విజయవాడ

నమస్తే అండి. నా దగ్గరికి వచ్చేవాళ్లలో జిమ్ వాళ్లు చాలామందే ఉంటారు, అందుకే రాస్తున్నాను.

పరుగుతో కండ కరుగుతుందన్న భయానికి మూలం 1980లో రాబర్ట్ హిక్సన్ చేసిన ప్రయోగం. బరువులూ పరుగూ కలిపి చేసినవాళ్ల బలం మొదట పెరిగి, చివరి వారాల్లో తగ్గింది. అయితే వాళ్లు వారానికి ఐదు రోజులు బరువులు, ఆరు రోజులు పరుగు, సైకిల్ చేశారు, అది కూడా గట్టిగా. మాస్టారు చెప్పిన రెండు రోజుల నెమ్మది పరుగు దాని దరిదాపుల్లో లేదు. కుదిరితే పరుగు, కాళ్ల బరువులు ఒకే రోజు పెట్టకండి. పెట్టాల్సి వస్తే బరువులు ముందు చేయండి.

నాకు భయం వేసేది మోత విషయంలో. మీ కండరాలు ఇప్పటికే పెద్దవి కాబట్టి 45 కిలోల గోతం మొదటి రోజే లేస్తుంది. కండరాన్ని ఎముకకి పట్టి ఉంచే టెండన్ అంత త్వరగా గట్టిపడదు. ముందు మోచేతి లోపలి వైపు, తర్వాత నడుము పట్టేస్తాయి. పాతిక కిలోలతో మొదలుపెట్టి నెల తర్వాత పెంచండి. ఎత్తేటప్పుడు గోతాన్ని ముందు ఒళ్లోకి లాక్కుని కూర్చున్న భంగిమలోంచి లేవండి. చేతులు చాపి దూరంగా పట్టుకుంటే బరువంతా నడుము మీదే పడుతుంది.

ఇంకో మాట, తప్పుగా అనుకోకండి. ఎప్పుడైనా స్టెరాయిడ్లు వాడి ఉంటే పరుగు మొదలుపెట్టేముందు బీపీ, కొలెస్ట్రాల్, గుండె పరీక్ష చేయించుకోండి. అవి బీపీ పెంచుతాయి, మంచి కొలెస్ట్రాల్‌ని పడగొడతాయి. బయటికి ఏమీ కనిపించదు. డాక్టర్ దగ్గర దాచాల్సిన పని లేదు, ఆయన మీ కోచ్‌కి చెప్పడు.

జవాబు: గుంటూరు ఐరన్

మేడమ్‌గారూ, మాస్టారూ, థ్యాంక్స్. స్టేజ్ అన్నా, నీక్కూడా. పోటీ ఈ ఏడాది ఎలాగూ లేదు. స్టెరాయిడ్లు వాడలేదు, కానీ బీపీ ఎప్పుడూ చూపించుకోలేదు, ఈ వారమే చూపిస్తా. మా బెంచ్ గురించి మాస్టారు అడిగింది నాకు కూడా తగిలింది, అది కదిలి చాలా కాలమైంది.

రెండు డౌట్లు. మే నెలలో యార్డుకి ఎండల సెలవులు ఇస్తారు, నాకు ఖాళీ దొరికేది అప్పుడే. ఆ ఎండల్లో మొదలుపెట్టవచ్చా? గోతంలో ఇసుక ఒక్కటే పోయాలా?

జవాబు: బెజవాడ పీఈటీ

మొదలుపెట్టు, కానీ పొద్దున ఆరులోపు ముగించు. వేడికి ఒళ్లు అలవాటు పడటానికి ఒకటి రెండు వారాలు పడుతుంది, అందాకా పరుగు సగమే చెయ్యి. రోహిణి కార్తెలో రేకుల షెడ్డు జిమ్‌లో మధ్యాహ్నం డెడ్‌లిఫ్ట్ చేసే వీరులు నాకు తెలుసు, నువ్వు వాళ్లలో చేరకు. వచ్చాక ఉప్పు వేసిన మజ్జిగ తాగు. రంగునీళ్ల డబ్బా కొనక్కర్లేదు.

ఇసుక ఒక్కటే పోస్తే పాతిక కిలోల గోతం చిన్న మూటలా ఉంటుంది, రెండు చేతుల మధ్య తేలిగ్గా ఇమిడిపోతుంది. ఊక కలుపు. బరువు అంతే ఉండి గోతం పెద్దదవుతుంది, కదులుతుంది, నీకు కావాల్సింది అదే. ఇసుక, ఊక కలిపి ముందు పాలిథీన్ సంచిలో కట్టి, దాన్ని ఖాళీ యూరియా గోతంలో దూర్చి, మూతి మడిచి దబ్బనంతో రెండు వరసలు కుట్టించు. మీ కొట్లో కుట్టేవాళ్లు ఉంటారు కదా. పాత మిర్చి గోతం మాత్రం వాడకు. ఎంత దులిపినా ఘాటు పోదు, భుజానికెత్తగానే మెడా కళ్లూ మండి ఆ రోజంతా పంపు కిందే కూర్చుంటావు.